వల కట్టినా పావురాలు పోవట్లేదా? రెండో గూడు వెతకండి

పావురాల బాధ పడలేకపోతున్నామనే వాళ్లు వల కొంటారు, ముళ్ల పట్టీలు కొంటారు, పాత సీడీలు వేలాడదీస్తారు. వీటన్నిటికంటే ముందు చేయాల్సిన పని మాత్రం వదిలేస్తారు. ఎక్కడైనా గుడ్లున్నాయా, పిల్లలున్నాయా అని చూడటమే ఆ పని. దానికి పది నిమిషాలు చాలు. ఫోన్‌లో టార్చి వేసి, వీడియో ఆన్ చేసి, సెల్ఫీ స్టిక్‌కో కర్రకో కట్టి పైకెత్తి తిప్పండి. ఏసీ ఔట్‌డోర్ యూనిట్ వెనక సందు, సన్‌షేడ్ పైభాగం, వెంటిలేటర్ గట్టు, బాత్‌రూమ్ డక్ట్, మెట్ల గది పైన, ట్యాంకు కింద, సోలార్ హీటర్ కింద, అద్దం పగిలిన కిటికీ లోపలి అటక, ఇవన్నీ చూడండి. ఇది చేయకుండా కింద రాసినవేవీ మొదలుపెట్టవద్దు.

ఏం వేలాడదీసినా భయపడటం లేదు

కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, అక్కడ గుడ్లో పిల్లలో ఉన్నాయి. పొదుగు మీదున్న పావురం చెయ్యి దగ్గరికి తెచ్చినా రెక్కతో కొడుతుందే గానీ లేచిపోదు. ఇక సీడీలకీ, ప్లాస్టిక్ గుడ్లగూబ బొమ్మకీ, మెరిసే రిబ్బన్లకీ ఏం భయపడుతుంది? ఖాళీ చోట కూడా వీటి ప్రభావం కొద్ది రోజులే. బొమ్మ కదలడం లేదని తెలిశాక దాని పక్కనే కూర్చుంటాయి. మనిషికి వినపడని శబ్దం చేస్తుందని అమ్మే పెట్టెలు పనిచేయవు, ఆ శబ్దం పావురానికీ వినపడదు. కలరా ఉండలు గాలి తగిలే చోట దండగ, పిల్లలున్న ఇంట్లో ప్రమాదం కూడా.

పుల్లలు మాత్రమే ఉండి గుడ్లు లేకపోతే ఆ రోజే తీసేయండి. మర్నాడు మళ్లీ తెస్తాయి, మళ్లీ తీయండి. డాబా మీద కొబ్బరి ఈనెల చీపురు గానీ, కోసేసిన బైండింగ్ వైరు ముక్కలు గానీ వదిలేస్తే గూటికి సామాను మీరే అందించినట్టు.

గుడ్లు ఉంటే ఆగాలి. సాధారణంగా రెండు గుడ్లు పెడుతుంది, మొదటి దానికీ రెండో దానికీ మధ్య రెండు రోజుల తేడా ఉంటుంది. పొదగడానికి 17 నుంచి 19 రోజులు, పిల్లలు ఎగరడానికి మరో 30 నుంచి 35 రోజులు. మొత్తం సుమారు ఏడు వారాలు. గుడ్డు కనపడిన తేదీ పక్క గోడ మీద పెన్సిల్‌తో రాసిపెట్టుకోండి. తేదీ తెలియకపోతే పిల్లని చూసి లెక్కవేయవచ్చు. కళ్లు మూసుకుని పసుప్పచ్చ నూగుతో ఉంటే పుట్టి నాలుగైదు రోజులు. వంటి నిండా ముళ్లలాంటి ఈకలు పొడుచుకొస్తుంటే రెండు వారాల లోపు. ఈకలన్నీ వచ్చి తల మీద మాత్రం పసుపు దారాలు మిగిలితే మూడు వారాలు దాటింది.

పిల్లలు ఎగిరిపోయాయి, వల కట్టేశాం, అయినా ఆ జంట వల మీద పడి కొట్టుకుంటోంది

అందరూ పడే గొయ్యి ఇదే. మొదటి గూడు ఖాళీ అయింది కదా అని కట్టేస్తారు. రెండో రోజు నుంచి పావురం తెల్లారింది మొదలు వలకి గుద్దుకుంటూనే ఉంటుంది. నాలుగో రోజుకి ఎక్కడి నుంచో కుళ్లు వాసన, ఆ వెనకే ఈగలు. లేదంటే వల కింది అంచు ఎత్తుకుని లోపలికి వచ్చేస్తాయి. అప్పుడు వల నాసిరకమని, కట్టినవాడికి పని రాదని తిట్టుకుంటారు. తప్పు వలది కాదు.

పావురాల జంట మొదటి పిల్లలు ఎగిరేదాకా ఆగదు. పిల్లలకి మూడు వారాలు వచ్చేసరికే ఆడది మళ్లీ గుడ్లు పెట్టగలదు. కొన్నిసార్లు అదే గూట్లో, చాలాసార్లు దగ్గర్లోనే వేరే చోట. పెద్ద పిల్లలకి మేత పెట్టే పని మగది చూసుకుంటుంది. అంటే మొదటి గూడు ఖాళీ అయిందని మీరు సంతోషించే రోజుకి రెండో గూట్లో గుడ్లు పొదుగు సగం దాటి ఉంటాయి. మన గోదావరి డెల్టా వైపు పావురాలకి ఏడాది పొడవునా తిండి ఉంది కాబట్టి ఈ వరస ఏ నెలలోనూ తెగదు.

రెండో గూడు ఎందుకు కనపడదంటే, జనం రెట్టలు చూసి వెతుకుతారు. గుడ్లు పొదిగే రోజుల్లో పెద్ద పావురాలు గూట్లో రెట్ట వేయడం చాలా తక్కువ. గూడు చుట్టూ తెల్లగా గట్టిపడి గిన్నె అంచులా కనపడేది పిల్లల రెట్ట. కాబట్టి గుడ్ల దశలో గూడు శుభ్రంగా ఉంటుంది. ఏసీ వెనక పది పన్నెండు కొబ్బరి ఈనెలు, నాలుగు వేపపుల్లలు, వాటి మధ్య రెండు తెల్ల గుడ్లు. కింద నేల మీద మచ్చ కూడా ఉండదు. రెట్ట లేదు కాబట్టి గూడు లేదనే లెక్క ఇక్కడే తప్పుతుంది.

పట్టుకునే దారి ఉంది. పొదుగు పనిని ఆడా మగా పంచుకుంటాయి. ఉదయం పది ప్రాంతంలో మగది వచ్చి కూర్చుంటుంది, సాయంత్రం నాలుగైదు గంటలకి ఆడది వచ్చి మర్నాడు పొద్దుటిదాకా ఉంటుంది. అందుకని పొద్దున్న తొమ్మిదిన్నర నుంచి పదిన్నర దాకా, సాయంత్రం మళ్లీ నాలుగు నుంచి ఐదున్నర దాకా కింద నిలబడి ఇంటి వైపు చూడండి. ఒకటి లోపలికి వెళ్లిన కొద్ది నిమిషాలకే అదే చోటు నుంచి ఇంకొకటి బయటికి వస్తే అది పొదుగు మారడం. ఊరికే కూర్చోడానికి వచ్చే పావురాలు గుంపుగా వస్తాయి, గుంపుగా లేస్తాయి, వాటికి ఈ వేళలు ఉండవు. ఒక్కో పుల్లే నోట కరుచుకుని ఒకే దారిన మళ్లీ మళ్లీ వెళ్లే పావురం కనపడినా, పెద్దది వాలగానే సన్నటి కీచుమనే శబ్దం వినపడినా చోటు దొరికినట్టే. రెండు రోజులు వరసగా చూడండి. వాన రోజు చూసింది లెక్కలోకి తీసుకోవద్దు.

పరిష్కారం పిల్లలు ఎగిరాక కాదు, అంతకుముందే మొదలవ్వాలి. మొదటి గూట్లో పిల్లలకి ముళ్ల ఈకలు వస్తున్నప్పుడే, అంటే పదో రోజుకీ పద్నాలుగో రోజుకీ మధ్య, ఆ ఒక్క గూడు వదిలి మిగతా సందులన్నీ మూసేయండి. ఏసీ వెనక అంగుళం కన్నున్న వెల్డ్ మెష్ (ఇనప తీగల గళ్ల జాలీ), వెంటిలేటర్‌కి జాలీ. వాడని కూలర్, అట్టపెట్టెలు, సిమెంటు రేకు ముక్కలు డాబా మీంచి దించేయండి. రెండో చోటు దొరక్కపోతే ఆడది అదే గూట్లో పెడుతుంది, లేదా ఇల్లు వదిలి వేరే చోటికి పోతుంది. అదే గూట్లో పెడితే మీ కళ్లముందే ఉంటుంది. మళ్లీ తేదీ రాసుకోండి.

అప్పటికే రెండో గూట్లో గుడ్లుంటే ఆ మూలని వలకి బయట ఉంచి మిగతాదంతా కట్టండి. దయచేసి గుడ్లున్న చోటు మూయవద్దు. లోపల పిల్ల ఆకలితో చచ్చిపోతుంది, బయట తల్లి దాన్ని వినలేక వలకి కొట్టుకుంటుంది. ఆ ఏడు వారాలు ఓర్చుకోవడం కష్టమేమీ కాదు.

చివరి పిల్ల ఎగిరాక ఒకటి రెండు రాత్రులు వెనక్కి వచ్చి పడుకోవచ్చు. మూడో రోజు పగలు పదకొండు, మూడు గంటల మధ్య అన్నీ మేతకి పోయినప్పుడు మరోసారి ఫోన్ తిప్పి, కొత్త గుడ్లు లేవని చూసి, గూడు తీసేసి అప్పుడే మూయండి. మర్నాటికి వాయిదా వేయవద్దు. చీకటి పడే వేళ లోపల ఏదీ చిక్కుకోలేదని ఇంకోసారి చూడండి. తర్వాత పది పదిహేను రోజులు ఆ జంట వచ్చి వల చుట్టూ తిరుగుతుంది. జాలిపడి విప్పకండి, లోపల ఏమీ లేదు కాబట్టి అవే వెళ్లిపోతాయి.

గూడు ఎక్కడా లేదు, అయినా వలలోకి దూరుతున్నాయి

వల అంచు వదులైంది. మూడు వేళ్లు కలిపి పెడితే దూరే సందు ఎక్కడున్నా అనుమానించాలి, పిడికిలి దూరితే పావురం దూరుతుంది. ఎక్కువగా కింది మూలలు, పైపు దిగే చోటు, బట్టల తీగ కొక్కెం దగ్గర. వల కన్ను (ఒక్కో గడి) 50 మి.మీ. దాటకూడదు, 30 మి.మీ. అయితే గోరింకలు కూడా రావు. ఎండకి తట్టుకునే రకం నైలాన్ వలే తీసుకోండి. అడుగుకో కొక్కెం, చుట్టూ స్టీలు తీగ, వల గట్టిగా బిగిసి ఉండాలి. అంతర్వేది, ఉప్పాడ లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లలో మామూలు ఇనప కొక్కేలు త్వరగా తుప్పు పట్టి ఊడతాయి, స్టెయిన్‌లెస్ స్టీలువే వేయించండి.

భీమవరం, ఆకివీడు వైపు చెరువుల మీద కట్టే సామాను చౌకగా దొరుకుతుందని సన్న ప్లాస్టిక్ దారపు చేపల వల తెచ్చి కడుతుంటారు. అది వద్దు. పావురానికి కనపడదు, కాళ్లు చిక్కుకుని వేలాడి చస్తుంది. అక్టోబరు, నవంబరు తుఫాను గాలుల తర్వాత అంచులన్నీ చేత్తో లాగి చూడండి.

ముళ్ల పట్టీల మధ్యే గూడు కట్టింది

ఒకే వరస వేస్తే అంతే, ఆ ముళ్లే పుల్లలకి ఆసరా. గట్టు వెడల్పంతా వరసలు వేయాలి, గోడ వైపు రెండంగుళాలకి మించి ఖాళీ ఉండకూడదు. సన్‌షేడ్ మీదైతే మేస్త్రీతో 45 డిగ్రీలకి తగ్గని వాలు కట్టించండి, నున్నగా తీయించండి. అంతకంటే ఖాయమైన పని లేదు. జిగురు పూతలు వాడొద్దు, దుమ్ము పట్టేదాకా పక్షులు అంటుకుని చస్తాయి, పట్టాక పనిచేయవు. విషం సంగతి ఆలోచించనే వద్దు. 1960 నాటి జంతు క్రూరత్వ నిరోధక చట్టం ప్రకారం అది నేరం, ఆ గింజలు తిని కోళ్లూ చస్తాయి.

పెంకుటిళ్లలో చోటు వేరు. చూరు కింద గోడకీ పెంకులకీ మధ్య, వాసాల సందుల్లో కడతాయి. వెల్డ్ మెష్‌ని సందుకి తగ్గట్టు కోసి వాసానికి మేకులు కొట్టండి. గుడ్డలు, గడ్డి కుక్కితే లాగేస్తాయి.

ఏసీ చల్లబడటం లేదు, డాబా మీద నీళ్లు దిగడం లేదు

రెండింటికీ పుల్లలు, ఈకలే కారణం కావచ్చు. ఏసీకి కరెంటు ఇచ్చే ఎంసీబీ స్విచ్చి ఆపాకే చెయ్యి పెట్టండి. వెనక రేకుల మీద పేరుకున్నది మెత్తటి బ్రష్‌తో తీసి సన్నటి ధారతో కడగండి. ప్రెషర్ పంపు పెడితే రేకులు వంగిపోతాయి, బ్లీచింగ్ తగిలితే తినేస్తుంది. మెష్ పెట్టేటప్పుడు మెకానిక్ విప్పగలిగేలా పెట్టించండి. డాబా తూములు మే నెలాఖరులోగా శుభ్రం చేసి గుమ్మటంలాంటి జాలీ బిగించండి. తొలకరి వానకి నీళ్లు నిలిచాక స్లాబు నెమ్మెక్కిందని సున్నం, కెమికల్ పూతలకి డబ్బు పోసేవాళ్లు ముందు తూములో చెయ్యి పెట్టి చూడాలి. ట్యాంకు మూత పగిలి ఉంటే ఇవాళే మార్చండి. నీళ్లలో రెట్ట పడితే మొత్తం వదిలేసి తోమించాల్సిందే.

పావురాలు పోయాక ఒంటి మీద దురదలు

దోమలనీ, నల్లులనీ అనుకుంటారు. ఖాళీ గూట్లో మిగిలిన సన్నటి కోడిపేలు (మైట్లు) ఆకలికి వెంటిలేటర్‌లోంచి గదిలోకి దిగుతాయి. కోళ్ల గూట్లో రాత్రిపూట పట్టేవి ఇవే, తిండి లేకుండా నెలలు బతకగలవు. మందు కొట్టే ముందు గూడు తీయాలి. గూడు ఉంచి ఎంత కొట్టినా మళ్లీ వస్తాయి.

గూడు తీసేటప్పుడు పొడిగా ఊడ్చవద్దు, ఆ దుమ్ములో ఊపిరితిత్తులకి పట్టే బూజు ఉండొచ్చు. ఎన్95 మాస్కు, చేతులకి తొడుగులు వేసుకోండి. సబ్బునీళ్లు చల్లి ఇరవై నిమిషాలు నాననిచ్చి, గీకి, రెండు పాలిథిన్ కవర్లలో వేసి కట్టేయండి. అదంతా తీశాకే లీటరు నీళ్లకి ఒక పెద్ద చెంచా, అంటే 15 గ్రాముల బ్లీచింగ్ పౌడరు కలిపి కడిగి, పావుగంట ఆగి నీళ్లు పోయండి. రెట్టల కుప్ప మీద నేరుగా బ్లీచింగ్ పోస్తే ఘాటైన వాయువు వస్తుంది. బాత్‌రూమ్ యాసిడ్‌తో కలిపితే ప్రాణాంతకం. ఇంట్లో ఎవరికైనా వారాల తరబడి పొడి దగ్గు, ఆయాసం ఉంటే డాక్టరుకి పావురాల సంగతి తప్పకుండా చెప్పండి. అడిగితే తప్ప ఎవరూ చెప్పరు, చెప్తే వెతికే దారి మారుతుంది.

మేత ఆపితే పోతాయా?

మన డెల్టాలో ఆ ఆశ పెట్టుకోవద్దు. సార్వా (వానాకాలం పంట) కోతలకి, దాళ్వా (రెండో పంట) కోతలకి రోడ్ల మీదే ధాన్యం ఆరబోస్తారు, మండపేట, తణుకు, తాడేపల్లిగూడెం ఏ వైపు పోయినా మిల్లులే. మీ డాబా మీద నూకలు చల్లడం ఆపండి, మినుములు ఆరబోస్తే పైన వల పరవండి, అంతకుమించి శ్రమ పడొద్దు. తిండి అంతటా ఉన్నప్పుడు మీరు ఇవ్వకుండా ఆపగలిగింది చోటే.

మిగిలినవి అరుదు. కాలికి రింగు ఉన్నవి ఎవరో పెంచుకునేవి, వాళ్లతో మాట్లాడండి. పూలకుండీలోనో మందార కొమ్మల్లోనో చిన్న గూడు కట్టింది మెడ మీద చుక్కలున్న సన్నటి పిట్టైతే అది గువ్వ, పావురం కాదు. నెల రోజుల్లో పిల్లల్ని లేపుకుని వెళ్లిపోతుంది, దాని కుండీకి నీళ్లు పక్క నుంచి పోస్తే చాలు.