ఇంగ్లండులో గాలం వేయాలంటే: రాడ్ లైసెన్సు తీసుకున్నాక మిగిలే అసలు పని

ఒక జూలై ఆదివారం ఉదయం, లండనుకు గంటన్నర దూరంలో ఒక చిన్న నది ఒడ్డున, ఒక తెలుగు కుటుంబం గాలాలు సర్దుకుని వెనక్కి వెళ్లడం చూశాను. కొడుకు ఇక్కడ ఉద్యోగం చేస్తున్నాడు. తండ్రి గోదావరి లంకల్లో పుట్టి పెరిగిన మనిషి, సెలవులకు వచ్చారు. ఆ ఒడ్డును చూసుకునే క్లబ్బు మనిషి వచ్చి టికెట్టు అడిగితే కొడుకు ఫోను తెరిచి రాడ్ లైసెన్సు, అంటే గాలం వాడుకోవడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి, వచ్చిన ఈమెయిల్ చూపించాడు. వచ్చినాయన దానిని మర్యాదగానే చదివి, లైసెన్సు సరిగానే ఉందనీ, తాను అడిగింది అది కాదనీ చెప్పాడు. ఐసు పెట్టెలో అప్పటికే నాలుగు చేపలున్నాయి, వాటిలో ఒకటి జానెడుకు మించి రెండు వేళ్లు పొడవుంది. పెద్దాయనకు జరుగుతున్నది అర్థం కాక కొడుకు ముఖంలోకి చూస్తూ నిలబడ్డారు. ఆ లైసెన్సును కూడా అసలు రుసుముకు దాదాపు రెట్టింపు పెట్టి ఏదో మధ్యవర్తి వెబ్‌సైటులో కొన్నారని తర్వాత మాటల్లో తెలిసింది. ఆ కుటుంబానికి ముందుగా ఎవరైనా చెప్పి ఉండవలసిన సంగతులనే ఇక్కడ రాస్తున్నాను.

మొదట లైసెన్సు సంగతి. ఇది సులువైన భాగం. ఇంగ్లండు, వేల్స్‌లలోని నదులు, కాలువలు, చెరువులు, జలాశయాల్లో సాల్మన్, ట్రౌట్, మంచినీటి చేపలు, మలుగుపాముల కోసం గాలం వేసే ప్రతి వ్యక్తికీ 13 ఏళ్లు నిండి ఉంటే రాడ్ లైసెన్సు ఉండాలి. 13 నుంచి 16 ఏళ్ల పిల్లలకు రుసుము లేదు, అయినా వారి పేరిట లైసెన్సు తీసుకునే తీరాలి. 13 లోపు పిల్లలకు అసలు అవసరం లేదు. మీ వీసా ఏ రకమైనదైనా, మీరు ఈ దేశంలో నివసిస్తున్నా, పది రోజులు చూసిపోవడానికి వచ్చినా నిబంధన ఒక్కటే. లైసెన్సు మనిషికే గానీ కుటుంబానికి కాదు. కొడుకు పేరిట ఉన్న లైసెన్సుతో తండ్రి గాలం వేస్తే, చట్టం దృష్టిలో ఆయన లైసెన్సు లేకుండా వేసినట్టే. దానికి జరిమానా 2,500 పౌండ్ల వరకు పడవచ్చు. విహారయాత్రలు నిర్వహించేవారు కొందరు గుంపు మొత్తానికి ఒక పర్మిట్టు తీశామని చెప్పి తలా ఇంత వసూలు చేస్తుంటారు. అటువంటి గుంపు రాడ్ లైసెన్సు అనేదే లేదు కనుక, డబ్బు ఇచ్చే ముందు మీ పేరున్న లైసెన్సు చూపించమని అడగండి.

దరఖాస్తును గవ్ డాట్ యూకే అనే ప్రభుత్వ వెబ్‌సైటులోనే చేయాలి. సెర్చిలో పైన ప్రకటనలుగా కనిపించేవి అచ్చం అలాగే ఉంటాయి. అవి మీ వివరాలను తీసుకుని అదే పేజీలో నింపి, సేవా రుసుము పేరిట అదనంగా తీసుకుంటాయి. చిరునామా పట్టీలో ప్రభుత్వ పేరు ఉందో లేదో చూసుకున్నాకే కార్డు నంబరు ఇవ్వండి. ఒకప్పుడు పోస్టాఫీసుల్లోనూ అమ్మేవారు, ఇప్పుడు అక్కడ దొరకదు. పేరు, పుట్టిన తేదీ, చిరునామా, ఈమెయిల్ లేదా మొబైల్ నంబరు ఇచ్చి, డబ్బు చెల్లించాక లైసెన్సు నంబరు వస్తుంది. ఆ నంబరు మీ ఫోనులో ఉంటే చాలు. అందరికీ కలిపి పది నిమిషాల పని. దీనికి ఏ మధ్యవర్తీ అక్కరలేదు.

ఏ లైసెన్సు ఎంచుకోవాలన్నది మీ సెలవును బట్టి ఉంటుంది. 1 రోజు, 8 రోజులు, 12 నెలలు అని మూడు కాలాలున్నాయి. 1 రోజు లైసెన్సు మీరు ఎంచుకున్న సమయం నుంచి 24 గంటలు నడుస్తుంది కనుక, శనివారం మధ్యాహ్నం మొదలుపెడితే ఆదివారం ఉదయం కూడా అదే పనికొస్తుంది. 8 రోజులంటే వరుసగా 8 రోజులే, మధ్యలో వాన పడి ఊరుకున్న రోజులు వెనక్కి రావు. 12 నెలల లైసెన్సు అది మొదలయ్యే తేదీ నుంచే లెక్క. ఇక చేపల రకాన్ని బట్టి రెండు తరగతులు ఉన్నాయి: ట్రౌట్, మంచినీటి చేపలు, మలుగుపాములకు ఒకటి, సాల్మన్, సముద్రపు ట్రౌట్‌లకు మరొకటి. మొదటిసారి వెళ్లేవారికి మొదటి తరగతే సరిపోతుంది. సాల్మన్ లైసెన్సు తీసుకున్నవారు ఆ ఏడాది ఒక్క చేప పట్టకపోయినా, ఒడ్డుకే వెళ్లకపోయినా, పట్టిన లెక్కను ప్రభుత్వానికి తెలియజేయడం చట్టరీత్యా తప్పనిసరి. సరదాకని తీసుకుని దీనిని మరిచిపోతే చిక్కు.

ఇక మనవాళ్లు తడబడే చోటుకు వద్దాం. రాడ్ లైసెన్సు ప్రభుత్వం ఇచ్చేది, అది గాలం వాడుకోవడానికి అనుమతి. ఆ నీటిలో గాలం వేయడానికి అనుమతి ఇవ్వవలసింది మాత్రం ఆ నీటి హక్కుదారు. మన వైపు ఊరి చెరువును పంచాయతీయో మత్స్యకారుల సొసైటీయో పాటకు ఇచ్చినా, ఏటి ఒడ్డున కూర్చుని గాలం వేసేవాణ్ని సాధారణంగా ఎవరూ అడగరు. అందువల్ల నదికి హక్కుదారు ఉంటాడన్న ఆలోచనే మనకు రాదు. ఇంగ్లండులో ఆటుపోట్లు తగలని నదుల్లో చేపలు పట్టే హక్కు ఒడ్డు భూమి యజమానిది. ఆ హక్కును ఆయన సాధారణంగా ఏదో ఒక ఆంగ్లింగ్ క్లబ్బుకు, అంటే గాలం వేసేవారి సంఘానికి, కౌలుకిస్తాడు. ఒకే నదికి ఈ వంతెన దాకా ఒక క్లబ్బు, ఆ మలుపు తర్వాత ఇంకొకటి, ఎదుటి ఒడ్డున మూడవది ఉండవచ్చు. ఒడ్డు వెంబడి ప్రజలు నడిచే బాట ఉంది కదా అని చాలామంది వాదిస్తారు. ఆ బాట మీద నడవడానికి అందరికీ హక్కు ఉంది, అక్కడ నిలబడి గాలం విసరడానికి లేదు. అనుమతి లేకుండా ప్రైవేటు నీటిలో చేపలు పట్టడం 1968 నాటి దొంగతనాల చట్టం కింద నేరం. ఈ మాట భయపెట్టడానికి చెప్పడం లేదు. తెలియక చేసినవారితో సాధారణంగా మర్యాదగానే మాట్లాడి పంపేస్తారు. కానీ నెలల ముందు నుంచి అనుకున్న సెలవు రోజు, నాన్నగారి ముందు, ఒడ్డు మీద అలా నిలబడవలసిన అవసరం ఎవరికీ రాకూడదు.

ఈ అనుమతి కాగితాన్ని డే టికెట్టు అంటారు. దీనికి ఒకే వెబ్‌సైటు, ఒకే కార్యాలయం అంటూ లేవు, చిక్కంతా అక్కడే. ముందుగా మీరు వెళ్లదలచిన ఊరి పేరూ నది పేరూ కలిపి, ఆ భాగం ఏ క్లబ్బుదో వెతకండి. తెలియకపోతే ఆ ఊళ్లో గాలాల సామాను అమ్మే దుకాణానికి ఫోను చేయండి. అంతకన్నా నమ్మకమైన దారి నాకు తెలియదు. ఏ నీళ్లకు ఎవరు టికెట్టు ఇస్తారో వారికి తెలుసు, చాలాచోట్ల వారే అమ్ముతారు కూడా. కొన్ని క్లబ్బులు ముందురోజే ఆన్‌లైన్‌లో కొనాలంటాయి, కొన్నిచోట్ల క్లబ్బు మనిషే ఒడ్డుకు వచ్చి డబ్బు తీసుకుని చీటీ రాసిస్తాడు. సభ్యులకు తప్ప ఎవరికీ టికెట్టు ఇవ్వని క్లబ్బులూ ఉన్నాయి. ఒడ్డున ఉన్న బోర్డు మీద సభ్యులకు మాత్రమే అని ఉంటే, ఎంత ఖాళీగా కనబడినా అక్కడ గాలం విప్పవద్దు. కాలువల్లో ఎక్కువ భాగం కెనాల్ అండ్ రివర్ ట్రస్టు అనే స్వచ్ఛంద సంస్థ చూసుకుంటుంది, అక్కడ కూడా చేపల హక్కులు చాలావరకు క్లబ్బులకే ఇచ్చి ఉంటాయి. కుటుంబంతో మొదటిసారి వెళ్లేవారికి నా సలహా నది కాదు, డే టికెట్టు ఇచ్చే చేపల చెరువు. అక్కడ యజమాని ఎదురుగానే ఉంటాడు, కారు పెట్టుకునే చోటు, మరుగుదొడ్డి ఉంటాయి, నియమాలు బోర్డు మీద రాసి ఉంటాయి. ట్రౌట్ మీద మనసున్నవారు రట్లాండ్ వాటర్ వంటి పెద్ద జలాశయాలకు వెళ్లవచ్చు, అక్కడా విడిగా పర్మిట్టు కొనాలి.

టికెట్టు కొన్నప్పుడు దాని వెనక ఉన్న నియమాలను తప్పక చదవండి. కొన దగ్గర వెనక్కి తిరిగిన ముల్లు లేని కొక్కేలే వాడాలనీ, పట్టిన చేపను దించడానికి తడి చాప ఉండాలనీ, బయటి నుంచి తెచ్చిన వలలను వాడకూడదనీ చాలా చెరువుల్లో రాసి ఉంటుంది. ఊరి నుంచి సామాను తెచ్చుకునేవారు సీసపు గుండ్ల విషయంలో జాగ్రత్తపడాలి. 0.06 గ్రాముల కన్నా ఎక్కువ, 28.35 గ్రాముల వరకు బరువున్న సీసపు గుండ్లు ఇక్కడ నిషిద్ధం. ఒడ్డున పడిపోయిన వాటిని హంసలు మింగి చచ్చిపోతుండటమే దీనికి కారణం. సీసం లేని గుండ్లు ఏ దుకాణంలోనైనా దొరుకుతాయి. గాలం నీళ్లలో వేసి, దాన్ని వదిలి దూరంగా భోజనానికి వెళ్లడం కూడా నేరమే.

ఇక చేపను ఇంటికి తెచ్చుకునే సంగతి. పులుసు మాట ఎత్తకుండా మనం చేపల వేటను ఊహించలేము, అందుకే ఈ భాగం కష్టంగా తోస్తుంది. ఇంగ్లండులో నది చేపను పట్టి, చూసి, తిరిగి నీళ్లలో వదిలేయడమే వాడుక. నదుల నుంచి రోజుకు ఒక మనిషి తీసుకోగలిగినది ఇంతే: 65 సెంటీమీటర్ల లోపు పైక్ ఒకటి, 30 నుంచి 38 సెంటీమీటర్ల మధ్య ఉన్న గ్రేలింగ్ రెండు, రోచ్, పెర్చ్, బ్రీమ్, మనం బంగారుతీగ అని పిలిచే కార్ప్ వంటి చిన్న చేపలు 20 సెంటీమీటర్ల లోపువి పదిహేను. మన అలవాటుకు ఇది తలకిందులు: చిన్నదాన్ని వదిలి పెద్దదాన్ని ఉంచుకోవడం మన పద్ధతి, ఇక్కడ గుడ్లు పెట్టే పెద్ద చేపను వదలాలి. ఐసు పెట్టెలోని ఆ జానెడు దాటిన చేప తెచ్చిన ఇబ్బంది ఇదే. మలుగుపామును ఏ పరిమాణంలో ఉన్నా వదిలేయాలి. పైగా ఈ లెక్క కూడా హక్కుదారు ఒప్పుకుంటేనే. అసలు ఒక్క చేపనూ తీసుకుపోనివ్వని క్లబ్బులు, చెరువులు ఎన్నో ఉన్నాయి. తినడానికే చేప కావాలనుకుంటే, పట్టిన వాటిలో కొన్నింటిని తీసుకుపోనిచ్చే ట్రౌట్ చెరువులను ఎంచుకోండి. టికెట్టు మీద ఎన్ని తీసుకోవచ్చో రాసి ఉంటుంది, పెద్దవారి మనసూ నొచ్చుకోదు.

తేదీలు కూడా చూసుకోవాలి. నదుల్లో మంచినీటి చేపలకు మార్చి 15 నుంచి జూన్ 15 వరకు విరామం, జూన్ 16న మళ్లీ మొదలవుతుంది. అమ్మానాన్నలు ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడికి వస్తే నది మీద ఆశ పెట్టుకోవద్దు. ఆ రోజుల్లో కూడా చాలా చెరువులు, ఎక్కువ కాలువలు తెరిచే ఉంటాయి. ట్రౌట్, సాల్మన్‌ల విరామ కాలాలు ప్రాంతాన్ని బట్టి వేరుగా ఉంటాయి కనుక టికెట్టు ఇచ్చేవారినే అడగండి.

సముద్రం దగ్గర పని తేలిక. సముద్రపు చేపల కోసం తీరం నుంచి గాలం వేయడానికి రాడ్ లైసెన్సు అవసరం లేదు, సాల్మన్, సముద్రపు ట్రౌట్, మలుగుపాములు మాత్రమే మినహాయింపు. వేసవిలో మాకెరెల్, అంటే మన కానాగంతల చుట్టమే, ఒడ్డుకు దగ్గరగా గుంపులుగా వస్తుంది. పిల్లలూ పెద్దలూ కలిసి వెళ్లడానికి ఇంతకు మించినది లేదు, కూరకూ అనుమతి ఉంది. కొన్ని పియర్ల మీద, అంటే సముద్రంలోకి వంతెనలా కట్టిన కట్టడాల మీద, గాలం వేయడానికి చిన్న టికెట్టు ఉంటుంది, కొన్ని రేవుల్లో నిషేధం ఉంటుంది, బోర్డు చూడాలి. బాస్ చేప రూపంలో మన పండుగప్పను తలపిస్తుంది. అది 42 సెంటీమీటర్లకు తక్కువ ఉంటే వదిలేయాలి, రోజుకు ఎన్ని ఉంచుకోవచ్చో, ఏ నెలల్లో ఉంచుకోకూడదో ఆ ఏటి ప్రభుత్వ ప్రకటనలో చూసుకోవాలి. కొలటేపు ఒకటి సంచిలో వేసుకోండి.

స్కాట్లండుకు కారులో వెళ్లేవారు ఒక్క విషయం గుర్తుంచుకోండి. అక్కడ ఈ రాడ్ లైసెన్సు పద్ధతి లేదు. సరిహద్దులోని ఎస్క్ నది పరీవాహక ప్రాంతంలో మాత్రం ఇంగ్లండు లైసెన్సే కావాలి. లైసెన్సు లేనంత మాత్రాన హక్కుదారు అనుమతి అక్కరలేదని కాదు, అక్కడా అది తప్పనిసరి. ఉత్తర ఐర్లండుది పూర్తిగా వేరే విధానం.

బయలుదేరే ముందు రాత్రి, గాలం వేయబోయే ప్రతి ఒక్కరి లైసెన్సు నంబరూ, ఆ నీటి డే టికెట్టూ ఒకే ఫోనులో ఫొటోలుగా ఉంచుకోండి. పల్లెటూళ్ల నది ఒడ్డున చాలాచోట్ల సిగ్నలు ఉండదు, ఈమెయిల్ అప్పటికప్పుడు తెరుచుకోదు. ఒడ్డుకు వచ్చి అడిగే మనిషి ప్రభుత్వ అధికారి అయితే మొదటిది చూపించండి, క్లబ్బు మనిషి అయితే రెండవది. రెండూ చూపించాక ఆయన సాధారణంగా పక్కనే కాసేపు నిలబడి, ఈ రోజు చేప ఏ ఎరకు పడుతోందో కూడా చెప్పి వెళ్తాడు.