సరుకు పంపి క్రిప్టోలో డబ్బు తీసుకోవాలంటే: ఒప్పందం నుంచి రీఫండ్ దాకా

"డబ్బు యూఎస్‌డీటీలో పంపిస్తాం, మీకేమైనా అభ్యంతరమా?" అని విదేశీ కొనుగోలుదారు అడిగితే ఏం చెప్పాలి? (యూఎస్‌డీటీ అంటే డాలర్ విలువకు కట్టిన క్రిప్టో టోకెన్.) ఎగుమతిదారుల చెల్లింపుల కాగితాలు చూడటమే నా పని కాబట్టి ఈ ప్రశ్న తరచూ నా దాకా వస్తుంది. చాలామంది వాలెట్, అంటే క్రిప్టో దాచుకునే ఖాతా లాంటిది, ఎలా తెరవాలో చెప్పమంటారు. అది పది నిమిషాల పని. అసలు పని దానికి ముందూ తర్వాతా ఉంటుంది. బ్యాంకు మధ్యలో ఉన్నప్పుడు మనం అడక్కుండానే కొన్ని పనులు చేసిపెడుతుంది. డబ్బు పంపేది ఎవరో చూస్తుంది, కాగితాలు అడుగుతుంది, తప్పు ఖాతాకు వెళ్తే వెనక్కి అడగడానికి ఒక దారి ఉంచుతుంది. క్రిప్టోలో అవన్నీ మన నెత్తిన పడతాయి. ఏ పని ఎవరు చేయాలో ముందే రాసుకున్నవాళ్లకు ఇది పనికొచ్చే పద్ధతి. రాసుకోకుండా దిగుతామంటే మాత్రం వద్దని గట్టిగానే చెప్తాను.

ముందు రెండు దేశాల చట్టం

మీ దేశమే కాదు, కొనేవారి దేశం కూడా చూడాలి. చైనా 2021 సెప్టెంబరులో క్రిప్టో లావాదేవీలన్నీ చట్టవిరుద్ధమని ప్రకటించింది. రష్యా 2024 సెప్టెంబరు నుంచి విదేశీ వాణిజ్యం చెల్లింపులకు క్రిప్టోను ప్రయోగాత్మకంగా అనుమతించింది, దేశం లోపల కొనుగోళ్లకు మాత్రం కుదరదంది. ఎల్ సాల్వడార్ 2021లో బిట్‌కాయిన్‌ను అధికారిక ద్రవ్యంగా చేసింది. 2025 మొదట్లో చట్టం సవరించి, పుచ్చుకోవడం మానడం వ్యాపారుల ఇష్టానికి వదిలేసింది. వెనెజువెలా 2018లో తెచ్చిన పెట్రో 2024లో మూతపడింది. నాలుగేళ్లు తిరిగేసరికి నియమం తలకిందులవ్వచ్చు, కాబట్టి పాత సమాచారం నమ్ముకోకండి.

చాలా దేశాల్లో విదేశీ మారక నియమం ఒకటుంటుంది: ఎగుమతి చేసిన సరుకు తాలూకు డబ్బు అనుమతి ఉన్న బ్యాంకు ద్వారానే, ఇన్ని నెలల్లోపే రావాలని. అలాంటి చోట క్రిప్టో పెట్టుకోవడం నేరం కాకపోయినా, ఎగుమతి డబ్బు వాలెట్‌లోకి వస్తే ఆ బిల్లు "డబ్బు రాలేదు" అనే లెక్కలోనే ఉండిపోతుంది. మీ బ్యాంకును రాతపూర్వకంగా అడగండి, జవాబు కూడా రాతలోనే తీసుకోండి. కాదంటే ఇక్కడితో ఆపేయండి. మిగతా భాగం అవునన్నవారి కోసం.

ఏ కాయిన్

బిట్‌కాయిన్ ఏ దేశం చేతిలోనూ లేదు, నిజమే. కానీ 2021 నవంబరులో దాని ధర సుమారు 69,000 డాలర్లు. ఏడాది తిరిగేసరికి 16,000 కిందికి జారింది. ఓడలో సరుకు చేరడానికి నెల, నెలన్నర పడుతుంది. ఆలోపు మీ లాభం మొత్తం ధర ఊపులో కొట్టుకుపోవచ్చు. అందుకే వ్యాపారంలో ఎక్కువగా నడిచేవి స్టేబుల్‌కాయిన్లు: యూఎస్‌డీటీ, యూఎస్‌డీసీ. జారీ చేసిన కంపెనీ ఒక్కో టోకెన్ వెనక ఒక డాలర్ విలువైన నిల్వ ఉంచుతానంటుంది.

ఇక్కడ ఒక మాట తేల్చుకోవాలి. డాలర్ మీద ఆధారపడకూడదని క్రిప్టో వైపు వస్తున్నవాళ్లు యూఎస్‌డీటీ తీసుకుంటే డాలర్‌నే తీసుకుంటున్నారు. మారింది దారి మాత్రమే. బ్యాంకుల మధ్య సందేశాల వ్యవస్థ పక్కకు పోయింది, సెలవు రోజుల అడ్డు పోయింది, మధ్య బ్యాంకుల కోతలు పోయాయి. డాలర్ మాత్రం అలాగే ఉంది. కొనేవారి దేశంలో డాలర్ల కొరత వల్ల బ్యాంకు నెలల తరబడి తిప్పుతుంటే ఈ దారి నిజంగా ఆదుకుంటుంది. ఆంక్షలు తప్పించుకోవడానికి అయితే ఆదుకోదు. యూఎస్‌డీటీ, యూఎస్‌డీసీ జారీ చేసే కంపెనీలు ఏ వాలెట్ చిరునామానైనా స్తంభింపజేయగలవు, చేస్తున్నాయి కూడా.

స్టేబుల్ అన్న పేరు చూసి నిశ్చింతగా ఉండకండి. 2022 మేలో టెర్రాయూఎస్‌డీ అనే స్టేబుల్‌కాయిన్ కొద్ది రోజుల్లోనే కుప్పకూలింది. దాని వెనక డాలర్లు లేవు, ఇంకో టోకెన్ ఆసరాగా ఉండేది. 2023 మార్చిలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు మునిగినప్పుడు యూఎస్‌డీసీ నిల్వల్లో 330 కోట్ల డాలర్లు అక్కడే ఉన్నాయని తెలిసి, శనివారం ఆ టోకెన్ 88 సెంట్ల కిందికి పడింది. సోమవారానికి కోలుకుంది. శనివారం భయపడి అమ్మినవాళ్లు నష్టపోయారు.

ఒప్పందంలో ఏం రాయాలి

నేను ఎక్కువ సమయం పెట్టేది ఇక్కడే. ధర టోకెన్లలో రాయకండి, మామూలు కరెన్సీలో రాయండి. టోకెన్ చెల్లించే సాధనం మాత్రమే అనాలి. నేను వాడే క్లాజు దాదాపు ఇలా ఉంటుంది (నెట్‌వర్క్ అంటే టోకెన్ ప్రయాణించే బ్లాక్‌చెయిన్, ఎథీరియం వాటిలో ఒకటి):

"ఇన్‌వాయిస్ విలువ 40,000 అమెరికన్ డాలర్లు. కొనుగోలుదారు దీన్ని యూఎస్‌డీసీ రూపంలో, ఎథీరియం నెట్‌వర్క్ మీద, అనుబంధం 'అ'లో ఉన్న చిరునామాకు చెల్లించవచ్చు. నెట్‌వర్క్ ఫీజు కొనుగోలుదారుది. లావాదేవీ నెట్‌వర్క్ మీద ఖరారై, పూర్తి మొత్తం ఆ చిరునామాలో కనిపించినప్పుడే చెల్లింపు జరిగినట్టు. ఆ సమయానికి యూఎస్‌డీసీ ధర 0.995 డాలర్ కంటే తక్కువ ఉంటే తేడా కొనుగోలుదారు భర్తీ చేయాలి, లేదా మొత్తాన్ని బ్యాంకు ద్వారా చెల్లించాలి. చిరునామా మార్పు ఈ-మెయిల్ ద్వారా చెల్లదు."

ఏ ధర చూడాలో, ఏ ఎక్స్ఛేంజీ (క్రిప్టో కొనే, అమ్మే వేదిక) ధరో, ఏ గంట ధరో కూడా పేరు పెట్టి రాయండి. లేకపోతే తేడా వచ్చిన రోజు ఇద్దరూ తమకు నప్పిన స్క్రీన్‌షాట్ చూపిస్తారు. "ఖరారు" అంటే ఏమిటో కూడా చెప్పాలి. బిట్‌కాయిన్‌లో ఆరు కన్ఫర్మేషన్లు (నెట్‌వర్క్ ఆమోదాలు) అనడం ఆనవాయితీ, సుమారు గంట. ఎథీరియంలో మామూలుగా పదమూడు నిమిషాల చిల్లర.

నెట్‌వర్క్ పేరు రాయడం ఎందుకంటే ఒకే టోకెన్ చాలా నెట్‌వర్క్‌ల మీద ఉంటుంది. ట్రాన్ చిరునామా ఇంగ్లిష్ 'టీ' అక్షరంతో మొదలై 34 అక్షరాలు ఉంటుంది. ఎథీరియం చిరునామా సున్నా, ఎక్స్‌తో మొదలై 42 ఉంటుంది. ఈ రెండూ తారుమారైతే వాలెట్ పట్టేస్తుంది. అసలు టెన్షన్ పాలిగాన్, బీఎన్‌బీ చెయిన్ లాంటి వాటితో. అవి ఎథీరియం మాదిరి చిరునామానే వాడతాయి కాబట్టి తప్పు నెట్‌వర్క్ మీద పంపినా వాలెట్ కిక్కురుమనదు. మీరిచ్చినది ఎక్స్ఛేంజీ డిపాజిట్ చిరునామా అయి, ఆ నెట్‌వర్క్‌ను వాళ్లు తీసుకోకపోతే డబ్బు వాళ్ల దగ్గర ఇరుక్కుంటుంది. ఎక్స్‌ఆర్‌పీ, స్టెల్లార్ లాంటి వాటికైతే చిరునామాతో పాటు ట్యాగ్ లేదా మెమో అనే నంబరు కూడా ఇవ్వాలి.

చిరునామా సరిచూసుకోవడం

నా అనుభవంలో ప్రమాదమంతా ఈ ఒక్క మెట్టు మీదే. ఒక కొనుగోలుదారు మెయిల్ ఖాతాలోకి ఎవరో చొరబడి, మా ఇన్‌వాయిస్‌నే తీసుకుని చిరునామా మాత్రం మార్చి మళ్లీ పంపారు. లోగో అదే, సంతకం అదే, నంబరు అదే. ఆయన వీడియో కాల్‌లో చదివి వినిపించబట్టి బయటపడింది.

అందుకే నా పద్ధతి ఇది. చిరునామా ఒప్పందం అనుబంధంలో ఉంటుంది. చెల్లించే రోజు వీడియో కాల్ పెడతాం, కొనుగోలుదారు తన స్క్రీన్ మీద ఉన్న చిరునామాను నాలుగేసి అక్షరాల చొప్పున మొదటి నుంచి చివరి దాకా చదువుతారు, నేను కాగితం మీద టిక్ పెట్టుకుంటాను. మొదటి ఆరు, చివరి నాలుగు చూసి సరే అనేయకండి. మోసగాళ్లు అచ్చం అవే మొదలూ చివరా ఉన్న చిరునామాలు తయారుచేసి, వాటి నుంచి మీ వాలెట్‌కు పైసా విలువ లేని టోకెన్ పంపుతారు. అది మీ పాత లావాదేవీల జాబితాలో కూర్చుంటుంది. తర్వాతిసారి ఆ జాబితా నుంచి కాపీ చేస్తే డబ్బు వాళ్లకు పోతుంది. 2024 మేలో ఒకరు ఇలాగే సుమారు 6.8 కోట్ల డాలర్ల విలువైన టోకెన్లు తప్పు చిరునామాకు పంపారు. బేరసారాల తర్వాత చాలావరకు వెనక్కి వచ్చింది, కానీ దొంగ మనసు మార్చుకుంటాడని మనం లెక్క వేసుకోలేం.

చదవడం అయ్యాక 10 డాలర్ల టోకెన్ పంపమంటాను. అది వచ్చినట్టు నా వాలెట్‌లో కాకుండా, లావాదేవీలు ఎవరైనా చూడగలిగే పబ్లిక్ ఎక్స్‌ప్లోరర్‌లో చూస్తాను: నెట్‌వర్క్ అదేనా, టోకెన్ కాంట్రాక్టు చిరునామా (ఆ టోకెన్ అసలు గుర్తింపు) జారీ కంపెనీ వెబ్‌సైట్‌లో ఉన్నదేనా. యూఎస్‌డీసీ అని పేరు పెట్టుకున్న నకిలీ టోకెన్లు బోలెడు. ఆ తర్వాతే అసలు మొత్తం. అప్పుడు కూడా కొత్తగా అతికించకుండా, ఇప్పుడే సరిపోలిన చిరునామాకే పంపమనండి.

అసలు మొత్తం పంపేవారి వాలెట్‌లో ఫీజుకు కూడా నిల్వ ఉందా అని ముందే అడగండి. ట్రాన్ మీద ఫీజు ట్రాన్ సొంత కాయిన్‌లో, ఎథీరియం మీద ఈథర్‌లో కట్టాలి. యూఎస్‌డీటీ లక్షల్లో ఉండి, ఫీజు కాయిన్ లేక శుక్రవారం సాయంత్రం అంతా ఆగిపోయిన సందర్భాలు చూశాను.

కాగితాలు ముందా, డబ్బు ముందా

లెటర్ ఆఫ్ క్రెడిట్‌లో బ్యాంకు కాగితాలు చూసి డబ్బు ఇస్తుంది, సరుకును చూడదు. క్రిప్టోలో ఆ బ్యాంకు లేదు. కాబట్టి మనమే ఆ వరుసను కట్టాలి. 40,000 డాలర్ల ఆర్డర్‌లో 12,000 ముందు తీసుకుంటాం. సరుకు ఓడెక్కాక బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు మీద హక్కు చూపే ఓడ రశీదు) స్కాన్ కాపీ పంపుతాం. మిగతా 28,000 ఖరారయ్యాకే ఒరిజినల్ బిల్ సరెండర్ చేసి, రేవులో సరుకు విడుదల చేయమని షిప్పింగ్ కంపెనీకి చెప్తాం. ఒరిజినల్ చేతిలో ఉన్నంతవరకు సరుకు మన అదుపులో ఉన్నట్టే. డబ్బు "పంపాం" అన్న స్క్రీన్‌షాట్ చూసి సరెండర్ చేయకండి.

కొనుగోలుదారు కొత్తవారైతే, లేదా మొత్తం పెద్దదైతే, మూడు తాళాలున్న వాలెట్ వాడొచ్చు: కొనేవారు, అమ్మేవారు, ఇద్దరూ ఒప్పుకున్న మూడో వ్యక్తి. ముగ్గురిలో ఇద్దరు సంతకం పెడితేనే డబ్బు కదులుతుంది. మూడో వ్యక్తి ఏ కాగితాలు చూసి సంతకం పెడతారో రాయకపోతే, గొడవ వచ్చిన రోజు ఆ వాలెట్ తాళం పడ్డ పెట్టెగా మిగిలిపోతుంది.

డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది

ఒప్పందంలో కొనుగోలుదారు ఏ వాలెట్ నుంచి పంపుతారో కూడా రాయించుకోండి. వేరే చిరునామా నుంచి వస్తే ఆ డబ్బు కదపకుండా ఉంచి, వివరం అడగండి. "మా స్నేహితుడు పంపాడు" అన్న జవాబు నేను ఒప్పుకోను. ఆంక్షల జాబితాలో ఉన్న చిరునామాకు, లేదా దొంగిలించిన డబ్బుకు దగ్గరి సంబంధం ఉందని తేలితే ఎక్స్ఛేంజీ మీ డిపాజిట్ ఆపేస్తుంది. మీ సరుకు అప్పటికే వెళ్లిపోయి ఉంటుంది. చిరునామాల చరిత్ర పరిశీలించే సేవలు ఉన్నాయి, వాటికి పెట్టే ఖర్చు వృథా కాదు. అంతర్జాతీయ ఆర్థిక నిఘా సంస్థ ఎఫ్‌ఏటీఎఫ్ 2019 నుంచి పంపేవారి, పుచ్చుకునేవారి వివరాలు ఎక్స్ఛేంజీలు ఒకరికొకరు అందించాలని చెప్తోంది. కాబట్టి ఎక్స్ఛేంజీ మీ కొనుగోలుదారు పేరు అడిగితే తడబడకుండా ఇచ్చేలా ఉండాలి.

మామూలు డబ్బుగా మార్చడం

వచ్చిన రోజే మార్చేయండి. పెరుగుతుందని ఉంచుకోవడం వేరే వ్యాపారం. లైసెన్సున్న ఎక్స్ఛేంజీలో మీ సంస్థ పేరు మీద ఖాతా ఉండాలి, యజమాని సొంత పేరు మీద కాదు. పెద్ద మొత్తాలకు ఎక్స్ఛేంజీల ఓటీసీ డెస్క్ (పెద్ద మొత్తాలు నేరుగా కొనే విభాగం) అడగండి, ఒకే ధర చెప్తారు. తెలియనివాళ్లకు నేరుగా అమ్మి బ్యాంకు ఖాతాలో డబ్బు వేయించుకునే పీటూపీ పద్ధతి ఎగుమతి డబ్బుకు అస్సలు వద్దు. మీ ఖాతాలో పడింది ఎవరిదో దోచిన సొమ్మైతే ఖాతా మొత్తం ఫ్రీజ్ అవుతుంది.

ఒక్కో షిప్‌మెంట్‌కు ఒక ఫైలు పెట్టండి: ఒప్పందం, ఇన్‌వాయిస్, బిల్ ఆఫ్ లేడింగ్, లావాదేవీ హాష్ (దాని గుర్తింపు నంబరు), వచ్చిన గంటకు టోకెన్ ధర, మార్చిన రశీదు, బ్యాంకు స్టేట్‌మెంట్. పన్ను వాళ్లు, బ్యాంకు వాళ్లు అడిగేది ఇదే వరుసలో.

రీఫండ్

సరుకు నాసిగా ఉందని కొనుగోలుదారు కొంత వెనక్కి అడగొచ్చు. రీఫండ్ ఇన్‌వాయిస్ డాలర్ల లెక్కలోనే ఉంటుందని, టోకెన్ల సంఖ్యలో కాదని ఒప్పందంలోనే రాసేయండి. ఇక చిరునామా. డబ్బు ఏ చిరునామా నుంచి వచ్చిందో అక్కడికే తిప్పి పంపాలనిపిస్తుంది, అది తప్పు. కొనుగోలుదారు ఎక్స్ఛేంజీ నుంచి పంపి ఉంటే ఆ చిరునామా ఎక్స్ఛేంజీది, వేలమంది విత్‌డ్రాలు అక్కడి నుంచే వెళ్తాయి. అక్కడికి పంపిన డబ్బు మీ కొనుగోలుదారు ఖాతాలో జమ కాదు. రీఫండ్ చిరునామా విడిగా, సంతకంతో తీసుకోండి, మళ్లీ వీడియో కాల్‌లో అక్షరం అక్షరం చదివించండి, 10 డాలర్లు ముందు పంపి చూడండి.