వక్తను పిలిచే ముందు రాయవలసిన ఉత్తరం

మద్రాసులోని పెరంబూరులో మేము నడుపుకొనే చిన్న తెలుగు సంఘానికి పద్దెనిమిదేళ్లు కార్యదర్శిగా ఉండి, ఈ ఉగాదికి ఆ పని ఒక కుర్రాడికి అప్పగించాను. చిట్టా పుస్తకం, ఇత్తడి గంట, మిగిలిన రెండు శాలువాలు చేతికిచ్చాక, "సభలు కుదర్చడం ఎలాగో కూడా చెప్పండి పిన్నిగారూ" అన్నాడు. నేను 1858 నాటి అమెరికా ఎన్నికల ప్రచారం ఎత్తుకునేసరికి బిత్తరపోయాడు. నాకు ఈ పని నేర్పింది అదే మరి. రైల్వేలో గుమాస్తాగా ఉన్న రోజుల్లో, జెమినీ ఫ్లైఓవర్ పక్కనున్న అమెరికన్ లైబ్రరీలో అమెరికా సెనేటు సీటుకు పోటీపడిన లింకన్, డగ్లస్ ఇల్లినాయిస్ రాష్ట్రమంతా తిరిగిన వైనం చదివాను. వాళ్లెక్కిన రైళ్ల కోసం మొదలుపెట్టి, వాళ్లు రాసుకున్న ఉత్తరాల దగ్గర ఆగిపోయాను.

అప్పట్లో సెనేటరును రాష్ట్ర శాసనసభ ఎన్నుకునేది. అయినా ఇద్దరూ జనం ముందుకే వెళ్లారు. డగ్లస్ ఏ ఊళ్లో మాట్లాడితే లింకన్ వెనకాలే ఆ ఊరు వెళ్లి, ఆయన కోసం చేరిన జనంతోనే మాట్లాడేవాడు. సొంతంగా జనాన్ని పోగు చేసుకోలేడని ఎదుటి పక్షం పత్రికలు ఎగతాళి చేశాయి. జూలై 24న లింకన్ ఉత్తరం రాశాడు: ఒకే వేదిక మీద ఇద్దరం మాట్లాడదామా అని. తన తేదీలు పార్టీ కమిటీ ముందే ఖాయం చేసిందని డగ్లస్ కొంత నసిగాడు. రాష్ట్రంలో తొమ్మిది కాంగ్రెస్ నియోజకవర్గాలు. షికాగో, స్ప్రింగ్‌ఫీల్డ్ ఉన్న రెండింటిలో ఇద్దరూ అప్పటికే మాట్లాడేశారు కనుక మిగిలిన ఏడింటిలో ఒక్కొక్క ఊరికి ఒప్పుకున్నాడు. జూలై 30 నాటి ఉత్తరంలో తేదీలతో పాటు నిమిషాలు కూడా తేల్చాడు. మొదటి వక్తకు గంట, రెండో వక్తకు గంటన్నర, మళ్లీ మొదటి వక్తకు అరగంట. మొదటి వంతు ఊరూరికీ మారుతుంది.

మర్నాడు లింకన్ ఇచ్చిన జవాబు నాకు ఎంతో ఇష్టం. ఈ లెక్కన మొదలూ ముగింపూ మీకు నాలుగు చోట్ల, నాకు మూడు చోట్లే వస్తున్నాయని గుర్తుచేసి, అయినా సరేనన్నాడు. మనవాళ్లు ఇలాంటిది కడుపులో పెట్టుకుని, వేదిక ఎక్కాక మైకు ముందు కక్కుతారు. వక్తకు ఏదైనా నచ్చకపోతే ముందే రాయమనండి. రాసిన తర్వాత ఒప్పుకుంటే ఇక గొడవ ఉండదు.

కాబట్టి మొదటి పని ఉత్తరం. వాట్సాప్‌లో అయినా ఫరవాలేదు, కానీ అన్నీ ఒకే సందేశంలో ఉండాలి: తేదీ, వారం, చోటు, ఎన్ని గంటలకు, ఎన్ని నిమిషాలు, ఎవరి తర్వాత ఎవరు, దారి ఖర్చులు ఎవరివి. తేదీ, వారం రెండూ రాయమనడానికి కారణం నేనే. ఒకసారి నెల్లూరు పెద్దాయనకు గురువారం నాడు ఉత్తరం రాస్తూ "వచ్చే శనివారం" అన్నాను. నా లెక్కలో అది తొమ్మిది రోజుల తర్వాత. రెండు రోజులకే మధ్యాహ్నం రెండింటికి తలుపు చప్పుడైంది. చంకలో గొడుగు, భుజాన గుడ్డ సంచి, ఎదురుగా ఆయన! మోచేతి దాకా ఇడ్లీ పిండితో నేను. "సభ ఎక్కడమ్మా?" అన్నారు. ఆ పూట అటుపక్క ఇటుపక్క ఇళ్ల నుంచి ఆరుగురిని పిలిచి చాప పరిస్తే, శతక పద్యాల మీద యాభై నిమిషాలు మాట్లాడారు. అసలు శనివారం మళ్లీ వచ్చారు, రెండో టిక్కెట్టు డబ్బులు మాత్రం తీసుకోలేదు.

రెండో పని దారి చూసుకోవడం. ఆగస్టు 21న ఒట్టావా, 27న ఫ్రీపోర్ట్, ఈ రెండూ రాష్ట్రానికి ఉత్తరాన. సెప్టెంబరు 15న జోన్స్‌బరో, అది దక్షిణాన ఒక మూల. 18న చార్లెస్టన్. అక్టోబరు 7న గేల్స్‌బర్గ్, 13న క్విన్సీ, 15న ఆల్టన్. చివరి రెండు ఊళ్లూ మిసిసిపీ ఒడ్డునే కాబట్టి ఇద్దరూ ఆవిరి పడవలో వెళ్లారు. మధ్య ఖాళీల్లో ఎవరి సభలు వాళ్లు పెట్టుకున్నారు. మనకూ అంతే. విజయవాడ వక్త పినాకినిలో మధ్యాహ్నానికి సెంట్రల్‌లో దిగుతారు, ఆ సాయంత్రమే ఎక్కించకండి. మర్నాడు పెట్టండి, తిరుగు దారిలో నెల్లూరు వాళ్లకు కూడా ఒక సభ కుదర్చండి. టిక్కెట్టు ఖర్చు సగానికి సగం తగ్గుతుంది. జనం తక్కువైతే వక్త ముందు నొచ్చుకోకండి. పత్రికల అంచనాలో ఒట్టావాలో పదివేలమంది, జోన్స్‌బరోలో పదిహేను వందలమంది. రెండు చోట్లా మాట్లాడింది ఆ ఇద్దరే.

చోటు మారితే ఆ రోజే చెప్పాలి. 1859 అక్టోబరులో బ్రూక్లిన్‌లోని ఒక చర్చిలో ఉపన్యసించమని లింకన్‌కు పిలుపు వచ్చింది, 200 డాలర్లు ఇస్తామన్నారు. ఆయన ఫిబ్రవరి దాకా గడువు అడిగి 1860లో న్యూయార్కు చేరాక, సభ కూపర్ యూనియన్ హాలుకు మారిందని తెలిసింది. చర్చి జనం వేరు, టిక్కెట్టు కొని వచ్చే రాజకీయ జనం వేరు. రాసుకొచ్చినది మళ్లీ సవరించుకోవలసి వచ్చింది. ఆ సభ అయ్యాక అమెరికా ఈశాన్యాన ఉన్న న్యూ ఇంగ్లండ్ వైపు వెళ్లాడు, కొడుకు అక్కడి ఎక్సెటర్‌లో చదువుతున్నాడు. ఈ సంగతి చదివినప్పటి నుంచి పిలిచే ప్రతి వక్తనూ మీవాళ్లు మద్రాసులో ఎవరైనా ఉన్నారా అని అడుగుతాను. కూతురు వేళచ్చేరిలో ఉంటే సగం పని అయిపోయినట్టే. బస ఖర్చు లేదు, తిరుగు టిక్కెట్టుకు తొందర లేదు.

అన్నిటికన్నా కష్టం అధ్యక్షులవారి తొలిపలుకులు. వక్తను పరిచయం చేయమంటే ముప్పై అయిదు నిమిషాలు తన విద్యార్థి దశ చెప్పుకున్న అధ్యక్షులు మాకు ఒకరున్నారు. దీనికి మందు 1896 నాటి అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో దొరికింది. అభ్యర్థి మెకిన్లీ ఒహాయోలోని కాంటన్‌లో తన ఇంటి వసారా మీదే ఉండి ప్రచారం చేశాడు. రైల్వేలు చార్జీలు తగ్గించడంతో బృందాలు గుంపులుగా వచ్చేవి. బృందం నాయకుడు ఏం చెప్పబోతున్నాడో ముందే కాగితం మీద తెప్పించుకుని, చూసి, దిద్ది పంపేవారు. మేము దిద్దే ధైర్యం చేయలేదు కానీ, "కరపత్రంలో అచ్చు వేయిస్తాం, ఒక పేజీ రాసివ్వండి" అని అడిగాము. రాసిచ్చినది చదివితే అయిదు నిమిషాలు. అధ్యక్షులవారికి అచ్చులో పేరు, మాకు సమయం.

అదే ఎన్నికల్లో ఆయన ప్రత్యర్థి బ్రయాన్ రైల్లో 18,000 మైళ్లు తిరిగి ఆరు వందల దాకా ప్రసంగాలు చేసి ఓడిపోయాడు. వక్తకు రోజుకు ఒక సభ చాలు. గొంతుకు వేడినీళ్లు ఫ్లాస్కులో మీరే పట్టుకెళ్లండి.

రాసుకునేవాడిని మరవకండి. ఫ్రీపోర్ట్‌లో షార్ట్‌హ్యాండ్ రాసే హిట్ జనంలో చిక్కుకుపోతే, ఆయనను వేదిక మీదికి చేరవేసే దాకా ప్రసంగం ఆగింది. 1859 జనవరిలో శాసనసభలో 54-46తో డగ్లస్‌దే గెలుపు. కానీ లింకన్ పత్రికల కత్తిరింపులు అతికించి దాచుకున్నాడు, 1860లో అవి పుస్తకంగా వచ్చాయి. మన దగ్గర ఈ పని ఫోనుది. ఒక మనిషికి అప్పగించండి, ముందు వరసలో కూర్చోబెట్టండి, ఆ ఫోనుకు కాల్స్ రాకుండా చూడండి. పోయినేడాది రికార్డింగులో మంచి పద్యం మధ్యలో మా వదిన ఫోను మోగి, కూరలబండి బేరమంతా పడింది.

ఇక ఇత్తడి గంట: సమయం ఇంకో అయిదు నిమిషాలుందనగా ఒకసారి, సమయం కాగానే రెండుసార్లు కొట్టాలి. కుర్రాడు మొహమాటస్తుడు, పెద్దవాళ్ల మీద కొట్టలేనంటున్నాడు. ఈ ఒక్క ఏడాదికి దాన్ని తిరిగి తీసుకుని నా దగ్గరే ఉంచుకున్నాను.