డల్లాస్‌కు కొత్తగా వచ్చిన ఓరుగల్లు వాళ్లకు: యాంటెన్నాతో ఉచితంగా టీవీ

వరంగల్, హనుమకొండ, కరీంనగర్ నుంచి డల్లాస్ దిక్కు వచ్చేవాళ్లు చాలామంది మొదట ఇర్వింగ్‌లో అపార్ట్‌మెంట్ తీసుకుంటారు. నాలుగైదేళ్లకు ఫ్రిస్కోలోనో ప్లేనోలోనో ఇల్లు కొంటారు. రెండుచోట్లా ఇంటర్‌నెట్ కనెక్షన్ ఇచ్చేవాళ్లు టీవీ ప్యాకేజీ కూడా కలిపి అమ్మజూస్తారు. దానికి ఒప్పుకునే ముందు ఒక సంగతి తెలుసుకోండి: ఇక్కడి పెద్ద ఛానళ్లన్నీ గాలిలో ఉచితంగా, హెచ్‌డీలో వస్తాయి. ఫాక్స్ 4.1, ఎన్‌బీసీ 5.1, ఏబీసీ 8.1, సీబీఎస్ 11.1, పీబీఎస్ 13.1 నంబర్లలో దొరుకుతాయి. పిల్లల కార్యక్రమాలు 13.2లో రోజంతా నడుస్తుంటాయి. బిల్లు లేదు, లైసెన్సు లేదు. ఇరవై, నలభై డాలర్ల యాంటెన్నా ఒకటి కొంటే చాలు.

తెలుగు ఛానళ్ల కోసమైతే ఈ యాంటెన్నా కొనకండి. అమ్మ, బాపు వచ్చి ఆరు నెలలు ఉంటారు, సీరియల్స్ కావాలంటే దానికి ఇంటర్‌నెట్ దారే ఉంది. యాంటెన్నాతో దొరికేవి లోకల్ వార్తలు, కౌబాయ్స్ (డల్లాస్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు) ఆటలు, పిల్లల ఛానల్, అన్నిటికంటే ముఖ్యంగా తుఫాను హెచ్చరికలు.

ఇంకో మాట. ఇండియా నుంచి టీవీ మోసుకురావద్దు. అక్కడి టీవీలో ఉండే ట్యూనర్, అంటే గాలి సిగ్నల్‌ను అందుకునే భాగం, ఇక్కడి ఏటీఎస్‌సీ అనే పద్ధతి ప్రసారాన్ని పట్టదు. పైగా ఇక్కడ కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇక్కడ కొనేటప్పుడు కూడా డబ్బా మీద ‘మానిటర్’ అని ఉందా, ‘టీవీ’ అని ఉందా చూసుకోండి. మానిటర్‌లో ట్యూనర్ ఉండదు.

టవర్లు ఎక్కడున్నాయి

పైన చెప్పిన ఐదు స్టేషన్ల టవర్లూ డల్లాస్‌కు నైరుతిన సీడర్ హిల్ అనే ఎత్తైన చోట ఉన్నాయి. ఒక్కోటి వెయ్యి అడుగులు దాటినదే. ఇది మనకు పెద్ద సౌకర్యం, యాంటెన్నాను ఒక్క దిక్కుకు తిప్పితే సరిపోతుంది. ఇర్వింగ్ నుంచి టవర్లు ఇంచుమించు నేరుగా దక్షిణాన, దాదాపు 20 మైళ్ల దూరంలో ఉంటాయి. హనుమకొండ నుంచి స్టేషన్ ఘన్‌పూర్ అంత అనుకోండి. ఫ్రిస్కో నుంచి దక్షిణానికి కాస్త పడమరగా, దాదాపు 40 మైళ్లు, అంటే కరీంనగర్ అంత దూరం. ఫోన్‌లో దిక్సూచి తెరిచి ఫ్రిస్కోలో 193 డిగ్రీల వైపు, ఇర్వింగ్‌లో 180 డిగ్రీలకు కొద్దిగా అటూ ఇటూగా పట్టుకోండి. మీ అడ్రస్ కొడితే ఎఫ్‌సీసీ (అమెరికాలో ప్రసారాలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ) వారి డీటీవీ మ్యాప్స్ పేజీలో ఏ స్టేషన్ ఎంత బలంగా వస్తుందో రంగులతో చూపిస్తుంది. యాంటెన్నా కొనేముందు అది చూడటం మంచిది.

షాపులో డబ్బాల మీద ‘200 మైళ్లు’, ‘500 మైళ్లు’ అని రాసి ఉంటుంది. నమ్మకండి. ఈ తరంగాలు దాదాపు చూపు సాగినంత మేరకే పోతాయి, భూమి గుండ్రంగా ఉండటం వల్ల అరవై, డెబ్బై మైళ్లు దాటితే మామూలు రోజుల్లో పట్టడం కష్టం.

8.1 ఎందుకు రావట్లేదు

ఇక్కడ అందరూ అడిగే ప్రశ్న ఇదే. మిగతావన్నీ వస్తాయి, ఏబీసీ ఒక్కటే రాదు, లేకపోతే వచ్చి పోతుంటుంది. కారణం సులువు. తెరమీద కనిపించే నంబరు ఒక పేరు లాంటిది, అసలు ప్రసారం వేరే ఛానల్‌లో జరుగుతుండొచ్చు. 4.1, 5.1, 11.1, 13.1 నిజానికి యూహెచ్‌ఎఫ్ అనే పొట్టి తరంగాల బ్యాండ్‌లో, అంటే 470 నుంచి 608 మెగాహెర్ట్జ్ మధ్య వస్తాయి. 8.1 మాత్రం అసలుకే ఛానల్ 8లో, 180-186 మెగాహెర్ట్జ్ మీద, వీహెచ్‌ఎఫ్ అనే పొడుగు తరంగాల బ్యాండ్‌లో వస్తుంది. యూహెచ్‌ఎఫ్‌లో సగం తరంగం పొడవు 25 నుంచి 32 సెంటీమీటర్లు. ఛానల్ 8కి అది 82 సెంటీమీటర్లు. కిటికీకి అంటించే పలుచని అట్టలాంటి యాంటెన్నా అడుగు వెడల్పే ఉంటుంది కాబట్టి యూహెచ్‌ఎఫ్‌ను బాగా పడుతుంది, 8 దగ్గర తేలిపోతుంది.

దీనికి మందు రెండు కర్రల పాత రకం యాంటెన్నా, ‘రాబిట్ ఇయర్స్’ అంటారు. కొనేటప్పుడు మధ్యలో యూహెచ్‌ఎఫ్ కోసం చక్రమో పలకో ఉన్నది చూసుకోండి. కర్రలను పైకి వి ఆకారంలో నిలబెట్టడం అందరికీ అలవాటు. అలా వద్దు. రెండింటినీ నేలకు సమాంతరంగా చెరోవైపు చాచండి, ఒక్కోటి 40 సెంటీమీటర్లు, అంటే 16 అంగుళాలు ఉండేలా. మొత్తం గుంజితే ఇంకా బాగా వస్తుందనుకోవడం పొరపాటు, పొడవు తరంగానికి సరిపోవాలి. టవర్లు దక్షిణాన ఉన్నాయి కాబట్టి కర్రలు తూర్పు పడమరలుగా చాచాలి. కొనలు టవర్ వైపు చూస్తే సిగ్నల్ పడిపోతుంది. అట్ట యాంటెన్నాకైతే దాని వెడల్పాటి ముఖం దక్షిణానికి తిప్పాలి.

అయినా 8.1 తడబడుతుంటే ఇంట్లోని వస్తువులను అనుమానించండి. చవకరకం ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ ఛార్జర్లు, ల్యాప్‌టాప్ అడాప్టర్లు వీహెచ్‌ఎఫ్‌లో బాగా రొద చేస్తాయి, చెవికి వినబడదు గానీ సిగ్నల్‌కు అడ్డుపడుతుంది. టీవీలో సిగ్నల్ మీటర్ తెరిచి పెట్టి ఒక్కొక్కటీ ఆర్పుతూ పోండి. వంటింట్లో లైటు ఆర్పగానే మీటర్ పైకి లేస్తే దొంగ దొరికినట్టే. ఆ మీటర్ చాలా టీవీల్లో సెట్టింగ్స్‌లో సపోర్ట్ లేదా డయాగ్నసిస్ కింద దాగి ఉంటుంది.

పెట్టే చోటు, స్కాన్ చేసే తీరు

ఊళ్లో బంగ్లా మీద యాంటెన్నా తిప్పుతూ ‘వచ్చిందా?’ అని కిందికి అరిచిన తరానికి గాలి సిగ్నల్ సంగతి సగం తెలిసే ఉంటుంది. అయితే అప్పటి బొమ్మలో చుక్కలు, గీతలు చూసి సిగ్నల్ ఎంత తగ్గిందో చెప్పగలిగేవాళ్లం. డిజిటల్‌లో ఆ వెసులుబాటు లేదు. సిగ్నల్ రొద కంటే సుమారు 15 డెసిబెల్స్ (సిగ్నల్ బలాన్ని పోల్చే కొలత) ఎక్కువ ఉన్నంతసేపు బొమ్మ అద్దంలా ఉంటుంది. అంతకంటే కొంచెం తగ్గిందా, డబ్బాలు డబ్బాలుగా విడిపోయి ఆగిపోతుంది. అందుకే బొమ్మ బాగుంది కదా అని ఊరుకోకుండా మీటర్ చూసి నాలుగైదు డెసిబెల్స్ మిగులు ఉండేలా పెట్టుకోండి. లేకపోతే గాలికి చెట్టు ఊగినా, డీఎఫ్‌డబ్ల్యూ ఎయిర్‌పోర్టు విమానం మీదుగా పోయినా బొమ్మ ఆగుతుంది.

కొత్త ఇళ్ల కిటికీ అద్దాలకు వేడి ఆపే లో-ఈ పూత ఉంటుంది, అది లోహపు పొర. అలాంటి కిటికీకి అంటిస్తే సిగ్నల్ తగ్గుతుంది, పక్కనున్న మామూలు గోడ మీదనే మెరుగ్గా రావచ్చు. ఫ్రిజ్ వెనక, పెద్ద అద్దం వెనక, టీవీ వెనక పెట్టకండి. దక్షిణం వైపు గది, పై అంతస్తు మేలు. యాంటెన్నాను జానెడు జానెడు జరుపుతూ మీటర్ చూడండి. గోడలకు తగిలి తిరిగొచ్చే తరంగం అసలు తరంగాన్ని ఒకచోట కొట్టేస్తుంది, జానెడు పక్కకు పోతే కలిసొస్తుంది. ఓపికతో చేసే పని ఇది, సిగ్నల్‌ను పెంచే బూస్టర్ కంటే ఇదే ఎక్కువ పని చేస్తుంది.

కనెక్షన్ ఇచ్చాక స్కాన్. మెనూలో ‘కేబుల్’ అని ఉన్నదాన్ని తీసి ‘ఎయిర్’ లేదా ‘యాంటెన్నా’ అని పెట్టాకే ఆటో స్కాన్ నొక్కండి. ‘ఒక్క ఛానల్ కూడా రాలేదు’ అనే ఫిర్యాదుల్లో చాలావాటికి ఇదే మూలం. స్కాన్ అయ్యేదాకా, ఐదు పది నిమిషాలు, యాంటెన్నా కదపొద్దు. ఏదైనా పాత ఛానల్ హఠాత్తుగా మాయమైతే యాంటెన్నా వైరు ఊడదీసి ఒకసారి స్కాన్ చేయండి, జాబితా ఖాళీ అవుతుంది. మళ్లీ తగిలించి రెండోసారి స్కాన్ చేయండి. 2020 జులై నాటికి దేశమంతా టీవీ ప్రసారాలను 36వ ఛానల్ దాకానే సర్దారు, పైది చాలావరకు సెల్‌ఫోన్ కంపెనీలకు పోయింది. అందుకని అంతకుముందు కొన్న యాంటెన్నా పెట్టె మీద 51 దాకా పడుతుందని రాసి ఉంటే ఖంగారేమీ లేదు, పని చేస్తుంది.

అపార్ట్‌మెంట్ గోడలో కేబుల్ సాకెట్ కనబడగానే దాంట్లో గుచ్చేవాళ్లు ఉంటారు. అది కేబుల్ కంపెనీ లైన్, యాంటెన్నా సిగ్నల్ అందులో ఉండదు. మీ యాంటెన్నా వైరు నేరుగా టీవీ వెనక ‘యాంట్ ఇన్’ అని ఉన్నచోటికే రావాలి.

వైరు, స్ప్లిట్టర్, బూస్టర్

వైరు ఆర్‌జీ-6 రకం, 75 ఓమ్స్ ఉండాలి. వంద అడుగులకు సుమారు 5 డెసిబెల్స్ పోతాయి. రెండు టీవీలకు సిగ్నల్ పంచే స్ప్లిట్టర్ వేస్తే ఇంకో మూడున్నర, నాలుగింటికి వేస్తే ఏడు. మూడు డెసిబెల్స్ అంటే సిగ్నల్ సగమైనట్టు. వైరు చివర పిన్ను మీరే వేసుకుంటే పైనున్న జల్లెడ తీగల్లో ఒక్క పోగు కూడా మధ్య రాగి తీగను తాకొద్దు. తాకితే షార్ట్, సున్నా ఛానళ్లు. మధ్య తీగ పిన్ను అంచు నుంచి కొద్దిగా, మూడు మిల్లీమీటర్ల లోపే బయటికి రావాలి. చేత్తో బిగించి 7/16 అంగుళాల పానాతో ఇంకో చిన్న తిప్పు తిప్పండి.

బూస్టర్ విషయంలో కాస్త ఆగండి. ఇర్వింగ్‌లో సిగ్నల్ ఇదివరకే బలంగా ఉంటుంది, బూస్టర్ పెడితే ట్యూనర్ ఉక్కిరిబిక్కిరై ఉన్న ఛానళ్లు కూడా పోతాయి. ఉచితంగా వచ్చిన బూస్టర్ అయినా ఒకసారి తీసి చూడండి. ఫ్రిస్కో, దానికి ఉత్తరాన ఉన్న ప్రాస్పర్ వైపు పొడవాటి వైరు, నాలుగు టీవీలు ఉంటే అవసరమే. అప్పుడు దాన్ని టీవీ దగ్గర కాకుండా యాంటెన్నా దగ్గరే పెట్టాలి, ఎందుకంటే వైరులో పోయిన సిగ్నల్‌ను తర్వాత పెంచితే రొద కూడా దాంతోపాటు పెరుగుతుంది. దానికి కరెంటు ఇచ్చే చిన్న డబ్బా స్ప్లిట్టర్‌కు యాంటెన్నా వైపే ఉండాలి. టీవీ వైపు పెడితే మామూలు స్ప్లిట్టర్ ఆ కరెంటును పైకి పోనివ్వకపోవచ్చు, కరెంటు లేని బూస్టర్ సిగ్నల్‌ను మింగేస్తుంది.

సొంత ఇల్లు కొన్నాక

అటక మీద, ఎండా వానా తగలకుండా పెడదామనిపిస్తుంది. టెక్సాస్ కొత్త ఇళ్ల పైకప్పు చెక్కల లోపలివైపు మెరిసే రేకు పొర అంటించి ఉంటుంది, వేడి రాకుండా. అది సిగ్నల్‌ను కూడా రానివ్వదు. లైటు వేసి పైకి చూడండి, వెండి రంగు కనబడితే అటక ఆలోచన మానుకోండి. మామూలు చెక్క కనబడితే పెట్టుకోవచ్చు.

బయట పెడతానంటే హెచ్‌ఓఏ (కాలనీలో ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లు కుదరదనొచ్చు. 1996 నాటి ఎఫ్‌సీసీ నియమం ప్రకారం, మీ ఒక్కరి వాడుకలో ఉన్న చోట లోకల్ టీవీ యాంటెన్నాను అడ్డుకునే హక్కు వాళ్లకు లేదు. అద్దెకుండేవాళ్లకూ ఇది వర్తిస్తుంది, కాకపోతే మీ బాల్కనీ, మీ పాటియో వరకే. అందరిదీ అయిన పైకప్పు, బయటి గోడ అందులోకి రావు, ఓనర్ గోడకు తూట్లు కొట్టొద్దంటే కొట్టకూడదు. బయటి గుంజను 10 గేజ్ రాగి తీగతో ఇంటి ఎర్త్‌కు కలపాలి, వైరుకు కూడా గ్రౌండ్ బ్లాక్ (వైరును ఎర్త్‌కు కలిపే చిన్న ముక్క) వేయాలి. కరెంటు తీగల దగ్గరికి గుంజ వాలినా తాకనంత దూరంలో నిలబెట్టండి. ఈ పని చేతకాకపోతే మనిషిని పిలవండి, ఇక్కడ పిడుగులు తక్కువేమీ కాదు.

తుఫాను రోజుల్లో

మార్చి నుంచి జూన్ దాకా టోర్నడోల కాలం. 2019 అక్టోబర్ 20న ఉత్తర డల్లాస్‌ను తాకినట్టు కాలం కాని కాలంలోనూ వస్తాయి. అలాంటప్పుడు లోకల్ ఛానళ్లు మామూలు కార్యక్రమాలు ఆపి, తుఫాను ఏ వీధి మీదుగా ఎటు పోతుందో చూపిస్తాయి. సైరన్ మోగినప్పుడు ఇంటర్‌నెట్ పోయినా యాంటెన్నా పనిచేస్తుంది. కరెంటే పోతే టీవీ కూడా ఆరుతుంది కాబట్టి బ్యాటరీతో నడిచే చిన్న ఏటీఎస్‌సీ టీవీగానీ, నోవా (NOAA, అమెరికా ప్రభుత్వ వాతావరణ సంస్థ) వెదర్ రేడియోగానీ కిటికీల్లేని గదిలో పెట్టుకోండి. ఆ గదిలోకి సిగ్నల్ వస్తుందో లేదో ఎండ కాసే రోజునే చూసి పెట్టుకోవాలి. నాలుగు గోడల మధ్య 8.1 రాకపోయినా 5.1, 11.1 వస్తే సరిపోతుంది.