పరాయి దేశపు పోస్టింగ్‌లో స్నేహం: ముందు తాళంచెవి ఇచ్చుకోండి

మా ఆయన అమెరికన్ ఆర్మీలో పనిచేస్తారు. జర్మనీలోని విల్సెక్‌కి పోస్టింగ్ వచ్చినప్పుడు మా పాపకి తొమ్మిది నెలలు. అక్కడ తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. మూడో వారంలో ఓ మధ్యాహ్నం చెత్త పడేయడానికి గుమ్మం దాటానో లేదో, వెనక తలుపు గాలికి ధన్‌మని మూసుకుంది. అక్కడి తలుపులకు బయటివైపు తిప్పే హ్యాండిల్ ఉండదు, కదలని పిడి ఒకటి ఉంటుందంతే. తాళంచెవి లేకపోతే ఇక తెరుచుకోదు. చెవి లోపల, ఫోన్ లోపల, పాప లోపల నిద్రలో. ఆయనేమో గ్రాఫెన్‌వోర్‌లో ట్రైనింగ్‌కి వెళ్లి వారమైంది.

పైఅంతస్తు ఆవిడ తలుపు కొట్టాను. అప్పటిదాకా మెట్ల మీద ఎదురుపడితే హాయ్ అనడమే తప్ప మాట్లాడింది లేదు. హౌసింగ్ వాళ్ల ఎమర్జెన్సీ నంబర్‌కి తనే ఫోన్ చేసి, కిందికొచ్చి నా పక్కన మెట్టు మీద కూర్చుంది. తాళం తీసే మనిషి వచ్చేసరికి నలభై నిమిషాలు. మధ్యలో పాప లేచి ఏడుపు మొదలెట్టింది. నాకు గొంతు పెగల్లేదు. ఆవిడే నేల మీద బోర్లా పడుకుని, తలుపు కింది సందులోంచి ఏదో పాట పాడుతూనే ఉంది. ఆ సాయంత్రమే ఇద్దరం స్పేర్ తాళంచెవులు మార్చుకున్నాం.

అది జరిగి పదకొండేళ్లు. కొత్తగా పోస్టింగ్‌కి వెళ్లే అమ్మాయిలు "అక్కా, అక్కడ ఫ్రెండ్స్ దొరుకుతారా?" అని అడుగుతుంటారు. దొరకడం కష్టమేం కాదు. యూనిట్‌లో కుటుంబాల గ్రూప్ ఉంటుంది, పాతవాళ్లు ఇప్పటికీ దాన్ని ఎఫ్‌ఆర్‌జీ అనే అంటారు. మీటింగ్‌కి వెళ్తే పదిమంది పరిచయమవుతారు, అందరూ "ఏం కావాలన్నా ఫోన్ చెయ్" అంటారు. ఎవరూ చెయ్యరు. అక్కడే ఆగిపోతుంది.

అందుకే ముందు మీరే ఏదో ఒకటి అడగండి. సాయం చేసి మంచిపేరు తెచ్చుకుందామని చూడకండి, అడిగి కాస్త లోకువైనా పర్లేదు. మొదటి నెలంతా మీ సామాను ఓడలోనే ఉంటుంది. ఆర్మీ కమ్యూనిటీ సర్వీస్ వాళ్ల లెండింగ్ క్లోజెట్‌లో గిన్నెలు, ప్లేట్లు అరువిస్తారు. కానీ స్క్రూడ్రైవరో, కత్తెరో పక్కింట్లో అడగండి. తిరిగివ్వాల్సిన వస్తువైతే మంచిది, ఇవ్వడానికి ఎలాగూ రెండోసారి వెళ్లాలిగా.

ఇందులో మొహమాటానికి టైమ్ లేదు. కుటుంబంతో వెళ్తే జర్మనీ పోస్టింగ్ మామూలుగా 36 నెలలు. అయితే అందరూ ఒకే రోజు రారు, ఒకే రోజు వెళ్లరు. పైఅంతస్తు ఆవిడా నేనూ కలిసి ఉన్నది పందొమ్మిది నెలలే.

తాళంచెవి తర్వాత కాగితాల పని. ఇది చాలామంది వదిలేస్తారు. పిల్లల్ని స్కూల్ నుంచో డేకేర్ నుంచో తీసుకెళ్లగలిగేవాళ్ల లిస్టులో స్నేహితురాలి పేరు రాయించండి. పేరు లేకపోతే ఎంత తెలిసిన మనిషైనా పంపరు. బేస్‌లోని లీగల్ ఆఫీసులో పవర్ ఆఫ్ అటార్నీ ఉచితంగా రాసిస్తారు. పిల్లల వైద్యం వరకే చెల్లేలా, ఫలానా తేదీ దాకా అని రాయించుకోండి, అన్నిటికీ చెల్లేది వద్దు. నా రెండో కాన్పు జర్మన్ ఆసుపత్రిలో. ఆయన డిప్లాయ్‌మెంట్‌లో ఉన్నారు. నాలుగు రాత్రులు మా పెద్దది పైఅంతస్తులోనే పడుకుంది. మూడో రాత్రి చెవిపోటు వస్తే క్లినిక్‌లో ఆ కాగితమే పనికొచ్చింది.

ర్యాంకుల సంగతి. మీ స్నేహితురాలి భర్త సార్జెంట్, మీ ఆయన కెప్టెన్ అయితే మగవాళ్ల మధ్య కొన్ని రూల్స్ ఉంటాయి. అవి మనవి కావు. మన ఐడీ కార్డు మీద ఎలాగూ డిపెండెంట్ అనే రాస్తారు, ఆ మాట నాకు ఇప్పటికీ నచ్చదు. ఇద్దరూ డిపెండెంట్లే అయినప్పుడు ఇక హోదా ఏమిటి?

మాట దాచడం మాత్రం నేను దెబ్బతిని నేర్చుకున్నాను. పైఅంతస్తు ఆవిడ వాళ్లింట్లో మొగుడూపెళ్లాల గొడవ గురించి నాకొక్కదానికే చెప్పింది. నేను ఓ ఆదివారం నలుగురిలో నోరు జారాను. చెడ్డ ఉద్దేశంతో కాదు, జాలితోనే. బేస్ అంటే చిన్న ఊరు, సాయంత్రానికి తనదాకా చేరింది. ఆరు వారాలు ఒకే మెట్లు ఎక్కుతూ దిగుతూ నాతో మాట్లాడలేదు. స్పేర్ చెవి కవర్లో పెట్టి నా తలుపు కింద తోసేసింది. వెళ్లి, సాకులు చెప్పకుండా, ఎవరితో ఏమన్నానో పూస గుచ్చినట్టు చెప్పాను. చెవి మళ్లీ తీసుకోవడానికి ఇంకో నెల పట్టింది. మీవారు ఎప్పుడు బయల్దేరతారు, ఎప్పుడు తిరిగొస్తారు అన్న తేదీలు కూడా అంతే, వాట్సాప్ గ్రూపుల్లో అస్సలు రాయకండి. అది భద్రతకు సంబంధించిన రూల్.

విడిపోయాక ఏం చేయాలో విడిపోకముందే అనుకోండి. ఏపీఓ అడ్రస్, అంటే ఆర్మీ పోస్టాఫీసు అడ్రస్, ప్రతి పోస్టింగ్‌కీ మారిపోతుంది. అందుకని పుట్టింటిదో అత్తింటిదో, కదలని అడ్రస్ ఒకటి రాసి తీసుకోండి. పార్సిల్ పంపేటప్పుడు ఏపీఓ అడ్రస్‌లో ఊరి పేరు, జర్మనీ అన్న మాట రాయొద్దు. రాస్తే అది జర్మన్ పోస్టులోకి పోయే ప్రమాదముంది. అమెరికా నుంచి పంపితే దేశం లోపలి రేటే పడుతుంది, కస్టమ్స్ ఫారం మాత్రం నింపాలి.

"వీలైనప్పుడు మాట్లాడుకుందాం" అనుకుంటే పోయినట్టే. వారం, గంట ముందే ఖాయం చేసుకోండి. నేను ఇప్పుడు టెక్సాస్‌లో, కిలీన్ దగ్గర ఉంటున్నాను. ఆ స్నేహితురాలు మళ్లీ జర్మనీలోనే. ఆదివారం తనకి రాత్రి ఎనిమిదికి, నాకు మధ్యాహ్నం ఒంటిగంటకి ఫోన్. మొదటి మార్చిలో ఓ ఆదివారం ఒంటిగంట దాటినా మోగలేదు. ఒకటిన్నరకి కోపం, ఒకటీముప్పావుకి టెన్షన్. రెండింటికి తాపీగా చేసింది. తీరా చూస్తే, అమెరికా గడియారం మార్చిలో రెండో ఆదివారమే ముందుకు జరుగుతుంది, జర్మనీది చివరి ఆదివారం. ఆ మధ్య రోజుల్లో మా తేడా ఏడు గంటలు కాదు, ఆరే. అక్టోబర్ చివరి ఆదివారం నుంచి ఓ వారం కూడా ఇదే తంతు. ఈ రెండు వరసల తేదీలూ ఏటా జనవరిలో ఓ కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటిస్తాను. తనకి ఫొటో తీసి పంపితే "నాది ఎప్పుడూ ఎనిమిదే, నువ్వే మారుతున్నావ్" అంటుంది.