డాక్ గుచ్చినా మానిటర్ వెలగడం లేదా? ఎక్కడ వెతకాలి, ఏం మార్చాలి

ఇంటి నుంచి పని అని భీమవరం, పాలకొల్లు, అమలాపురం వైపు వచ్చి స్థిరపడ్డవాళ్లు ముందు మానిటర్ కొంటారు, ఆ తర్వాత డాకింగ్ స్టేషన్ కొంటారు. ఒక్క యూఎస్‌బీ-సి కేబుల్ గుచ్చితే రెండు తెరలు, కీబోర్డు, మౌస్, నెట్, చార్జింగ్ అన్నీ రావాలి. రాకపోతే డాక్ పాడైందని షాపుకి పట్టుకెళ్తారు. నిజానికి తప్పు ఎక్కువగా ల్యాప్‌టాప్ పోర్టులోనో, మధ్యనున్న కేబుల్లోనో, డాక్‌కి అందే కరెంటులోనో ఉంటుంది. వెతికేటప్పుడు ఒకసారికి ఒక్కటే మార్చండి. రెండు కలిపి మారిస్తే దేనివల్ల బాగుపడిందో తెలీదు.

చార్జింగ్ ఎక్కుతోంది, మౌస్ ఆడుతోంది, తెర మాత్రం నలుపు

ముందు పోర్టు సంగతి. యూఎస్‌బీ-సి అన్నది ఆ రంధ్రం ఆకారం పేరు మాత్రమే. అందులోంచి వీడియో రావాలంటే ల్యాప్‌టాప్‌లో డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ (సి పోర్టులోంచి వీడియో పంపే పద్ధతి) గానీ, థండర్‌బోల్ట్ గానీ, యూఎస్‌బీ4 గానీ ఉండాలి. పోర్టు పక్కన థండర్‌బోల్ట్ మెరుపు గుర్తో, డీ, పీ అక్షరాలు కలిసిన డిస్‌ప్లేపోర్ట్ గుర్తో ఉంటే దిగుల్లేదు. ఏ గుర్తూ లేకపోతే కంపెనీ సైట్లో మీ మోడల్ నంబరు వేసి స్పెసిఫికేషన్లు చూడండి. అక్కడ వీడియో ప్రస్తావన లేకుండా ‘డేటా’ అని మాత్రమే రాసుంటే మామూలు డాక్ ఎన్ని మార్చినా బొమ్మ రాదు. అలాంటి ల్యాప్‌టాప్‌కి దారి, వీడియోని మామూలు యూఎస్‌బీ డేటాగా పంపే డిస్‌ప్లేలింక్ చిప్ ఉన్న డాక్ కొని, దాని డ్రైవర్ వేసుకోవడమే. మీ ల్యాప్‌టాప్‌లో రెండు సి పోర్టులుంటే రెండోదాంట్లోనూ గుచ్చి చూడండి. ఒకదాంట్లో వీడియో ఉండి ఇంకోదాంట్లో లేని మోడళ్లున్నాయి.

తర్వాత కేబుల్. ఫోన్ చార్జర్‌తో వచ్చే సి-సి కేబుళ్లలో చాలావాటికి లోపల యూఎస్‌బీ 2.0 తీగలే ఉంటాయి. చార్జింగ్, మౌస్ నడుస్తాయి, వీడియోకి కావలసిన హైస్పీడ్ తీగల జతలు అందులో అసలుండవు. సెల్ షాపులో కొనేటప్పుడు ‘ఫాస్ట్ చార్జింగ్’ అన్న మాటకి మోసపోకండి. కేబుల్ మీదో ప్యాకెట్ మీదో 10 జీబీపీఎస్ గానీ అంతకంటే ఎక్కువ గానీ రాసుండాలి. పొడవు ఒక మీటరు లోపు ఉంటే మంచిది. డాక్‌తో వచ్చిన కేబుల్ ఉంటే వెతుక్కుని అదే వాడండి.

రెండూ బాగుంటే మానిటర్ దగ్గరకి రండి. మెనూలో ఇన్‌పుట్‌ని ‘ఆటో’లో వదలకుండా మీరు గుచ్చిన పోర్టునే ఎంచండి. విండోస్ మీటతో పి నొక్కి ‘ఎక్స్‌టెండ్’ పెట్టండి. అప్పటికీ రాకపోతే విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కండి. గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది, తెర ఒక్క క్షణం ఆరి వెలుగుతుంది.

బొమ్మ వచ్చింది కానీ మౌస్ బాణం ఈడ్చుకుంటూ నడుస్తోంది

ఇది 4కే మానిటర్లలో కనిపించే జబ్బు. విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే వరుసగా తెరిచి రిఫ్రెష్ రేటు, అంటే సెకనుకి బొమ్మ ఎన్నిసార్లు మారుతుందో చూడండి. 60 హెర్ట్జ్ ఉండాల్సిన చోట 30 ఉంటుంది.

వీడియో మోసే సి కేబుల్లో నాలుగు హైస్పీడ్ లేన్లు, అంటే డేటా దారులు ఉంటాయి. డాక్‌లో వేగమైన యూఎస్‌బీ పోర్టులుంటే రెండు లేన్లు వాటికి పోయి, వీడియోకి రెండే మిగులుతాయి. ల్యాప్‌టాప్‌గానీ డాక్‌గానీ డిస్‌ప్లేపోర్ట్ 1.2 తరందైతే ఆ రెండు లేన్లలో నికరంగా 8.64 జీబీపీఎస్ వెళ్తుంది. 4కే 60 హెర్ట్జ్‌కి 12 పైచిలుకు కావాలి, కాబట్టి 30కి దిగిపోతుంది. రెండూ 1.4 తరానివైతే అవే రెండు లేన్లలో 12.96 వరకు పోతుంది, 60 హెర్ట్జ్ ఇరుకుగానైనా సరిపోతుంది. థండర్‌బోల్ట్ డాక్‌కి ఈ ఇరుకు లేదు. ఇదే లెక్కన 8.64లో 1080పీ మానిటర్లు రెండు హాయిగా నడుస్తాయి, 1440పీవి రెండు పట్టవు.

డాక్ మీది హెచ్‌డీఎంఐ 1.4 అయినా ఇదే ఫలితం, అది 4కేని 30 దగ్గరే ఆపేస్తుంది. అదే డాక్‌కి డిస్‌ప్లేపోర్ట్ రంధ్రం కూడా ఉంటే మానిటర్‌ని దానికి మార్చండి. కొత్తది కొనడం ఇష్టంలేకపోతే రిజల్యూషన్‌ని 2560 x 1440కి దించి 60 పెట్టుకోండి. అక్షరాలు కొంచెం మెత్తబడతాయి కానీ రోజంతా 30 హెర్ట్జ్‌తో కళ్లు లాగించుకోవడం కంటే నయం.

రెండు మానిటర్లలోనూ ఒకే బొమ్మ

మ్యాక్‌బుక్ అయితే డాక్‌ని తిట్టి లాభం లేదు. ఒకే డిస్‌ప్లేపోర్ట్ సిగ్నల్‌ని రెండు తెరలకు పంచే ఎంఎస్‌టీ పద్ధతిని మ్యాక్ఓఎస్ ఒప్పుకోదు, రెండింట్లోనూ ఒకటే చూపిస్తుంది. విండోస్‌లో బ్రహ్మాండంగా నడిచే డాక్ మ్యాక్‌లో ఇలా అయ్యేది అందుకే. పైగా ఎం1, ఎం2 చిప్‌లున్న మ్యాక్‌బుక్ ఎయిర్‌లు బయటి మానిటర్ ఒక్కదాన్నే నడుపుతాయి. ఎం3 ఎయిర్ మూత మూస్తే రెండు, ఎం4 ఎయిర్ మూత తెరిచి ఉన్నా రెండు నడుపుతుంది. పాత ఎయిర్‌కి రెండు తెరలు కావాలంటే డిస్‌ప్లేలింక్ డాకే దారి. దాని యాప్‌కి స్క్రీన్ రికార్డింగ్ అనుమతి ఇవ్వకపోతే తెర నల్లగానే ఉంటుంది. ఇచ్చాక ఓటీటీ సినిమాలు నల్లగా కనిపిస్తే అది కాపీ రక్షణ వల్ల, డాక్ లోపం కాదు.

కరెంటు పోయి వచ్చింది, డాక్ పలకడం లేదు

వానాకాలంలో మన వైపు అందరికీ తెలిసిన బాధ. కరెంటు పోగానే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది, డాక్ మాత్రం ఆగి మళ్లీ లేస్తుంది. ఇన్వర్టర్ అందుకునే ఆ లిప్తలో డాక్ పూర్తిగా ఆరదు, పూర్తిగా వెలగదు. లోపలి పవర్ చిప్ మధ్యలో ఇరుక్కుంటుంది. లైటు వెలుగుతూనే ఉంటుంది, తెరలు రావు.

ల్యాప్‌టాప్ నుంచి సి కేబుల్ తీయండి. డాక్ అడాప్టర్‌ని గోడ సాకెట్ నుంచి తీయండి, స్విచ్ ఆపితే చాలనుకోకండి. మానిటర్లకు డాక్‌తో ఉన్న కేబుళ్లు కూడా తీయాలి, ఎందుకంటే వాటిలోంచి కూడా కొద్దిపాటి కరెంటు ఎదురొచ్చి చిప్‌ని పూర్తిగా ఆరనివ్వదు. ఒక నిమిషం ఆగండి. ముందు డాక్‌కి కరెంటు, తర్వాత మానిటర్లు, చివర ల్యాప్‌టాప్ పెట్టండి.

రోజూ ఇదే తంతయితే ఇన్వర్టర్ చూడండి. చాలావాటి వెనక ఒక మీట ఉంటుంది, యూపీఎస్ మోడ్, సాధారణ మోడ్ అని. యూపీఎస్ మోడ్‌లో బ్యాటరీకి మారే వ్యవధి బాగా తక్కువ, డాక్ అడాప్టర్ దాన్ని ఓర్చుకుంటుంది. అయితే ఆ మోడ్‌లో ఇన్వర్టర్ లో-వోల్టేజిని సహించదు, సాయంత్రం వోల్టేజి పడిపోయే ఊళ్లలో మాటిమాటికీ బ్యాటరీకి వెళ్లిపోతుంది. అలాంటి చోట ఇన్వర్టర్‌ని మామూలు మోడ్‌లోనే ఉంచి డాక్‌కీ రూటర్‌కీ కలిపి చిన్న కంప్యూటర్ యూపీఎస్ పెట్టుకోవడమే మేలు. స్క్వేర్ వేవ్ పాత ఇన్వర్టర్ మీద ఈ సరంజామా నడపకండి, అడాప్టర్లు గీమని కూస్తూ వేడెక్కుతాయి.

ఫ్రిజ్ మొదలైనప్పుడల్లా తెర ఆరి వెలుగుతోంది

మోటారు ఆన్ అయినప్పుడు పుట్టే విద్యుత్ రొద వీడియో కేబుల్లోకి దూరుతుంది. సిగ్నల్ తెగి మళ్లీ కుదురుకోవడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది. గ్యాస్‌లిఫ్ట్ కుర్చీలోంచి లేచినప్పుడు పుట్టే స్టాటిక్ (స్థిర విద్యుత్) కూడా ఇదే పని చేస్తుంది, నమ్మబుద్ధి కాకపోయినా. డాక్‌ని ఫ్రిజ్, మోటారు లేని వేరే సాకెట్‌కి మార్చండి. పొడవాటి చవక హెచ్‌డీఎంఐ కేబుల్‌కి బదులు ఒకటిన్నర మీటరు మంచి షీల్డు కేబుల్ వాడండి.

ల్యాప్‌టాప్ లోహపు బాడీ మీద చెయ్యి పెడితే జివ్వుమంటోందా? ఎర్త్ లేదని అర్థం. మూడు పిన్నుల ప్లగ్గుని రెండు పిన్నుల కన్వర్టర్‌లో పెట్టారేమో చూడండి. లేకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మల్టీమీటర్‌తో కొలిపించండి. ఫేజుకీ ఎర్తుకీ మధ్య దాదాపు 230 వోల్టులు, న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య రెండు మూడు వోల్టుల లోపు ఉండాలి.

నర్సాపురం, అంతర్వేది వైపు: ప్లగ్ కదిపితేనే పనిచేస్తోంది

సముద్రానికి దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలికి పోర్టు పిన్నుల మీద మబ్బుగా పొర పడుతుంది. అన్నీ ఆపి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన మెత్తని బ్రష్‌తో పోర్టునీ ప్లగ్గునీ తుడిచి ఇరవై నిమిషాలు ఆరనివ్వండి. శానిటైజర్ వద్దు, అందులో నీళ్లూ జిగురూ ఉంటాయి. తుడిచాక కూడా ప్లగ్ వదులుగా ఊగుతుంటే ప్లగ్గో పోర్టో అరిగింది, ముందు కేబుల్ మార్చి చూడండి.

గుచ్చి ఉంచినా బ్యాటరీ తగ్గుతోంది

డాక్ మీద 100 వాట్లు అని ఉన్నా ల్యాప్‌టాప్‌కి అంతా రాదు. చార్జర్ కరెంటుని తమలోంచి పంపే చిన్న హబ్బులు దాదాపు 15 వాట్లు తమకు అట్టేపెట్టుకుంటాయి. 45 వాట్ల చార్జర్ పెడితే ల్యాప్‌టాప్‌కి మిగిలేది 30. కేబుల్ ఎంత కరెంటు మోయగలదో చెప్పే ఇ-మార్కర్ చిప్ లేని సి కేబుల్ 3 ఆంపియర్లకే, అంటే 60 వాట్లకే ఆగిపోతుంది. గేమింగ్ ల్యాప్‌టాప్ అయితే దాని సొంత అడాప్టర్ కూడా పెట్టుకోవాల్సిందే.

చిన్న చిన్నవి

వైర్‌లెస్ మౌస్ ఎగిరెగిరి పడుతుంటే రిసీవర్ యూఎస్‌బీ 3 పోర్టు పక్కనే ఉందేమో చూడండి. ఆ పోర్టు రొద 2.4 గిగాహెర్ట్జ్‌ని చెరుపుతుందని ఇంటెల్ 2012లోనే చెప్పింది. అర మీటరు ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో రిసీవర్‌ని దూరం జరపండి.

డాక్‌లో నెట్ 100 ఎంబీపీఎస్ దాటడం లేదంటే కేబుల్ వేసినతను కనెక్టర్‌లో నాలుగు తీగలే బిగించి (క్రింప్ చేసి) ఉంటాడు. గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి.

ల్యాప్‌టాప్ స్లీప్ నుంచి లేచాక మానిటర్ లేవకపోతే దాని మెనూలో ‘డీప్ స్లీప్’ ఆపండి. తర్వాత ల్యాప్‌టాప్ బయోస్, గ్రాఫిక్స్ డ్రైవర్, డాక్ ఫర్మ్‌వేర్ (డాక్ లోపలి సాఫ్ట్‌వేర్) ఆ వరుసలో అప్‌డేట్ చేయండి. ఫర్మ్‌వేర్ మాత్రం గాలీవానా రోజున పెట్టుకోకండి. మధ్యలో కరెంటు పోతే ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంటుంది, డాక్‌కి ఉండదు, సగం రాసిన ఫర్మ్‌వేర్‌తో అది మళ్లీ లేవకపోవచ్చు. డాక్‌ని యూపీఎస్ మీద పెట్టి, మానిటర్ ఒక్కటే ఉంచి, మిగతా యూఎస్‌బీలన్నీ తీసేసి, అప్పుడు మొదలుపెట్టండి.