లైఫ్ కోచ్ కావాలా? ముందు అరగంట మాట్లాడి చూడండి

కోచింగ్ అనగానే మనలో చాలామందికి పోటీ పరీక్షలే గుర్తొస్తాయి, అందుకే ఎవరైనా లైఫ్ కోచ్ దగ్గరికి వెళ్తున్నానంటే "జీవితానికి కూడా కోచింగా?" అని నవ్వేస్తాం. నేనూ నవ్వినవాణ్ణే. తర్వాత ఇద్దరు కోచ్‌ల దగ్గర డబ్బు కట్టాను, ఒకచోట చేతులు కాల్చుకున్నాను, రెండోచోట నిజంగానే పని జరిగింది. తేడా ఎక్కడుందో తెలిశాక, ఈ విషయం ముందే తెలిసుంటే బాగుండేది కదా అనిపించి రాస్తున్నాను.

అసలు కోచ్ అనే మాటే ఒక గుర్రపుబండి పేరు. హంగరీలో కోచ్ అనే ఊళ్లో తయారైన బండ్ల వల్ల ఆ పేరొచ్చింది. 1830ల్లో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులు పరీక్ష గట్టెక్కించే ట్యూటర్‌ని సరదాగా అలా పిలవడం మొదలుపెట్టారు. నాకు ఈ బండి పోలిక భలే నచ్చుతుంది. ఎందుకంటే బండి ఎక్కాక ఎక్కడికి వెళ్లాలో చెప్పాల్సింది మనమే, ఆ సంగతి మర్చిపోయి ఎక్కేవాళ్లే ఎక్కువ నష్టపోతారు.

కోచ్ చేసే పని చూడటానికి చిన్నదే. మీరు ఏం కావాలనుకుంటున్నారో మీ నోటితోనే చెప్పిస్తారు, ఇప్పుడు ఎక్కడున్నారో చూపిస్తారు, ఏయే దారులున్నాయో మీతోనే వెతికిస్తారు, వచ్చే వారంలోగా ఏం చేస్తారో మాట తీసుకుంటారు. దీన్నే గ్రో (గోల్, రియాలిటీ, ఆప్షన్స్, విల్) పద్ధతి అంటారు, జాన్ విట్‌మోర్ అనే బ్రిటిష్ కోచ్ వల్ల బాగా ప్రచారంలోకి వచ్చింది, నేటికీ చాలామంది కోచ్‌లు ఇదే పట్టుకుని నడుస్తారు. మెంటర్ అయితే తను నడిచొచ్చిన దారి చెప్తాడు. కన్సల్టెంట్ అయితే ఇలా చెయ్యండి అని సలహా ఇస్తాడు. థెరపిస్ట్ పని మనసుకు తగిలిన గాయాలతో, జబ్బులతో, దానికి వేరే చదువు, వేరే శిక్షణ ఉంటాయి.

ఇక్కడ మాత్రం మొహమాటం లేకుండా చెప్తాను. రెండు వారాలకు పైగా రోజూ మనసు దిగులుగానే ఉండి, నిద్ర పట్టక, ఇదివరకు ఇష్టమైన పనులమీద కూడా ఆసక్తి పోతే కోచ్ జోలికి పోవద్దు, డాక్టర్ని కలవండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే రెండు వారాలు ఆగడం కూడా వద్దు, వెంటనే దగ్గరివాళ్లకు చెప్పి వైద్య సాయం తీసుకోండి. మంచి కోచ్ అయితే ఇలాంటివి విన్న వెంటనే తనే డాక్టర్ దగ్గరికి వెళ్లమంటారు. "డిప్రెషన్ కూడా నేనే తగ్గిస్తా" అన్నవాళ్ల దగ్గర్నుంచి లేచి వచ్చేయండి.

ఇక వెతకడం. వెతికేముందు ఒక కాగితం మీద మీ ఇబ్బందిని ఒక్క వాక్యంలో రాయండి. "జీవితం బాగుపడాలి" అని రాస్తే కుదరదు, అలా రాసినవాళ్లకు ఎవరు ఏం అమ్మినా కొనాలనిపిస్తుంది. "మూడు నెలల్లో ఈ ఉద్యోగంలో ఉండాలా, మానేయాలా తేల్చుకోవాలి" అన్నది పనికొచ్చే వాక్యం. మొదటిసారి నేను ఈ వాక్యం రాయకుండానే వెళ్లాను, ఆ కోచ్ తనకు నచ్చిన వాక్యం నాకు అంటగట్టాడు.

సర్టిఫికెట్ల సంగతి కాస్త తెలుసుకోవాలి. చాలా దేశాల్లో లైఫ్ కోచ్ అని బోర్డు పెట్టుకోడానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు, నిన్న నిర్ణయించుకుని ఈరోజు మొదలుపెట్టినవాళ్లు కూడా కోచ్‌లే. 1995లో మొదలైన ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్, అందరూ ఐసీఎఫ్ అంటారు, మూడు స్థాయిల్లో గుర్తింపు ఇస్తుంది. మొదటి స్థాయి ఏసీసీకి కనీసం 60 గంటల శిక్షణ, 100 గంటల కోచింగ్ అనుభవం కావాలి. రెండో స్థాయి పీసీసీకి 125 గంటల శిక్షణ, 500 గంటల అనుభవం. అన్నిటికన్నా పై స్థాయి ఎంసీసీకి 200 గంటల శిక్షణ, 2,500 గంటల అనుభవం. ఈ గుర్తింపు మూడేళ్లకోసారి రెన్యూ చేయించుకోవాలి, కాబట్టి ఎప్పుడు తీసుకున్నారో అడిగి, ఐసీఎఫ్ సైట్‌లో పేరు కొట్టి చూడండి. "సర్టిఫైడ్ కోచ్" అని మాత్రమే రాసి, ఎవరిచ్చారో రాయకపోతే అది రెండ్రోజుల వర్క్‌షాప్ కాగితం కూడా కావచ్చు. అలాగని ఎంసీసీ ఉంటే చాలు కళ్లు మూసుకుని చేరిపోవచ్చనీ కాదు, ఆ మనిషికీ మీకూ కుదరాలిగా.

అది తెలిసేది మొదటి ఫోన్ కాల్‌లోనే. చాలామంది ఇరవై నిమిషాలో అరగంటో ఉచితంగా మాట్లాడతారు. నా మొదటి కోచ్ ఆ అరగంటలో ఇరవై నిమిషాలు తన కథే చెప్పాడు, ఎన్ని అప్పుల్లోంచి లేచాడో, ఎంతమంది జీవితాలు మార్చాడో, చివరి ఐదు నిమిషాల్లో "ఈరోజే చేరితే సగం ఫీజు" అన్నాడు. నేను చేరాను! కథ బాగుంది మరి. ఆరు సెషన్ల డబ్బు ముందే కట్టి, రెండిటికి వెళ్లి మానేశాను, మిగతాది తిరిగి రాలేదు.

రెండో ఆవిడతో కాల్ వేరేగా సాగింది. ఉద్యోగం గురించి నేను గడగడా చెప్పుకుపోయాను. అంతా విని, "మీరు మానేయాలనుకుంటున్నది ఉద్యోగాన్నా, మీ మేనేజర్‌నా అండీ?" అన్నారు. నా నోట మాట రాలేదు. ఆవిడా ఏమీ మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దం ఎంతసేపుందో తెలియదు గానీ, లైన్ కట్ అయిందేమోనని ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి చూసుకున్నాను. చివరికి "మేనేజర్‌నే" అన్నాను, అన్నాక గానీ ఆ సంగతి నాకే తెలియలేదు.

అందుకే కాల్ అయ్యాక ఒక్క లెక్క వేసుకోండి, ఎవరు ఎక్కువ మాట్లాడారు? మీరైతే మంచిదే. ఆ కాల్‌లోనే ఇంకొన్ని విషయాలు అడిగేయండి, మొహమాటపడకండి. నాలాంటి సమస్యతో వచ్చినవాళ్లతో పనిచేశారా, నేను చెప్పింది ఎవరికీ చెప్పరు కదా, మధ్యలో మానేస్తే మిగిలిన డబ్బు సంగతేంటి, సెషన్‌కీ సెషన్‌కీ మధ్య మెసేజ్ పెడితే జవాబిస్తారా. ఒప్పందం కాగితం మీద ఇవ్వమనండి, ఇవ్వడానికి సణిగితే అక్కడే ఆపేయండి. పాత క్లయింట్ల పేర్లు గడగడా చెప్పేస్తే ముచ్చటపడకండి, రేపు మీ పేరూ అలాగే ఇంకొకరికి చెప్తారు. ఫలితం గ్యారంటీ అన్నా నమ్మొద్దు, పని చేయాల్సింది మీరైనప్పుడు ఆయన గ్యారంటీ ఎలా ఇస్తారు?

కనీసం ఇద్దరు ముగ్గురితో మాట్లాడాకే తేల్చుకోండి, అదీ మర్నాడు, కాల్‌లో ఉండగా కాదు. మొదట మూడు నాలుగు సెషన్లకే డబ్బు కట్టండి. అవి అయ్యాక మీరు రాసుకున్న ఆ ఒక్క వాక్యం తీసి చూడండి. కదలిక ఏమీ లేకపోతే ఆ మాట కోచ్‌తోనే అనండి, మంచివాళ్లయితే నొచ్చుకోకుండా ఎందుకో మీతో కలిసి చూస్తారు, ఒక్కోసారి వాళ్లే వేరే కోచ్ పేరు చెప్తారు. రెండో ఆవిడతో నాకు ఐదు సెషన్లు సరిపోయాయి. ఉద్యోగం మానలేదు, టీమ్ మారాను.